ఎన్నాళ్లంట?

పూతరేకు మళ్లీ చిరిగింది. "ఆపరేషనయ్యి మూడు నెలలైంది, ఇంకా ఆ వణుకేంటమ్మా?" అంది అత్తగారు అచ్చాయమ్మ, పక్కన కూర్చుని రేకులకు నెయ్యి రాసి మడతలు చుడుతూ. లక్ష్మీదుర్గ పిండినీళ్లలో గుడ్డ ముంచి, బోర్లించిన కుండ మీద మళ్లీ పరిచింది. ఆత్రేయపురానికి కోడలిగా వచ్చి పదిహేనేళ్లు. అప్పట్నుంచీ ముఖం ఆ పొయ్యి సెగలోనే ఉంది. రేకులు ఆమెవి, డబ్బాల మీద పేరు మొగుడిది.

నాలుగేళ్లు తలనొప్పని మొత్తుకుంటే ఈ ఇంట్లో దానికి పెట్టిన పేరు పనిదొంగ వేషాలు. పొయ్యి దగ్గర ఫిట్స్ వచ్చి పడిపోతే గానీ స్కానింగ్ తీయించలేదు. మెదడులో గడ్డ. తీయగలిగినంత తీశారు. అప్పటినుంచి తల్లీకొడుకులకి ఒకటే ప్రశ్న, ఎన్నాళ్లంట? ఆమె ఎదుటే అడుగుతారు, పాలు తగ్గిన గేదె గురించి అడిగినట్టు.

ఆసుపత్రిలో జెస్సీ అనే డాక్టరమ్మ పరిశోధన కోసం ఆమె రక్తం తీసుకుంది. జన్యువుల్లో అక్షరాలు మారకపోయినా వాటి మీద పడే గుర్తులు మారతాయట. ఆ గుర్తులు రక్తంలో చూసి గడ్డ ముందుముందు ఎలా ఉంటుందో అంచనా కట్టొచ్చట. ఫలితం ఎవరికి చెప్పాలి అని కాగితంలో ఉంటే, భర్త నాగదుర్గాప్రసాద్ ముందుకు వంగాడు.

"నాకు చెప్పండి మేడమ్. ఆవిడకేం తెలుస్తుందండీ."

జెస్సీ కాగితాన్ని లక్ష్మీదుర్గ వైపు తిప్పింది. ఆమె తన పేరూ, తన నంబరూ రాసింది. దాచుకోడానికి అదేమన్నా నగా అని ఇంటికొచ్చాక అత్తగారు దెప్పింది.

దాచుకున్నది వేరే ఉంది. ఎలాగూ పోతాననే ధైర్యం. ఇంకెంత, ఏడాదో రెండేళ్లో అనుకుంటే ఈ సెగ, ఈ మాటలు భరించడం తేలికైంది. ఆ ఇంట్లో ఆమెకు దొరికిన సెలవు అదొక్కటే.

ఫోన్ మోగింది. చేతులు తుడుచుకుని తీసింది. గడ్డ మందుకు లొంగే రకమేనండి అంది జెస్సీ. ఇది ఇంకా పరిశోధనే కాబట్టి కచ్చితంగా చెప్పలేను గానీ, గుర్తులు బాగున్నాయి, చాలా ఏళ్లు ఉండొచ్చు అంది.

లక్ష్మీదుర్గకు సంతోషం కలగలేదు. భయం వేసింది. చాలా ఏళ్లు! ఈ కుండ దగ్గర, వీళ్లిద్దరి మధ్య. ఆ వెనకే కోపం ముంచుకొచ్చింది. చావు కోసం ఎదురుచూసేలా చేసిన వీళ్ల మీద, ఎదురుచూసిన తన మీద.

పొయ్యిలోంచి కొబ్బరిమట్టలు బయటికి లాగి నీళ్లు చల్లింది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న కుండ అది, చల్లారాక తీసుకెళ్లాలి. అమలాపురంలో ఉన్న చెల్లెలు హేమకు ఫోన్ చేసి, వెనక గది ఖాళీగానే ఉందా అని మాత్రం అడిగింది. ఉందక్కా, వచ్చెయ్ అంది హేమ.

మొగుడు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అత్తగారు నెయ్యి గిన్నె కింద పెట్టింది.

"ఏమన్నారేంటి? ఎన్నాళ్లంట?"

"చాలా ఏళ్లంటండి అత్తయ్యగారూ," అంది లక్ష్మీదుర్గ. "అందుకే వెళ్లిపోతున్నాను."