కొంగ ఉన్న ఫోటో

సాయివర్ధన్ చెడ్డవాడని నేను ఎక్కడా అనలేదు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణి. అతను నా ఫోటోను మెచ్చుకున్నాడు. అక్కడే వచ్చింది తంటా.

కరీంనగర్ కుర్రాడు. ఇక్కడ బెంగాల్లో, సాల్ట్ లేక్‌లో కంప్యూటర్ కంపెనీలో పని. పెళ్లి ఫోటోలకి తెలుగువాడు కావాలని వెతుక్కుంటూ షాలిమార్‌లో నా స్టూడియోకి వచ్చాడు. మా నాన్న గూడ్స్ యార్డులో పనికని టెక్కలి నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. నేను ఏడో తరగతిలో బడి మానేసి ఒక బెంగాలీ ఫోటోగ్రాఫర్ దగ్గర చీకటి గదిలో ప్రింట్లు కడిగాను. ఇప్పుడు పాస్‌పోర్టు ఫోటోలు, పెళ్లిళ్లు, అన్నప్రాశనలు. అవి తిండికి. నాకు నచ్చేది మనుషులు లేని ఫోటో. మనుషులు కెమెరా చూడగానే పొట్ట లోపలికి లాక్కుంటారు. చెట్టు లాక్కోదు.

ఈ ఊళ్లో వెలుగు ఎక్కువ రోజులు పాలు ఎక్కువైన టీ రంగులో ఉంటుంది. పొగ, దుమ్ము, గంగ మీద లేచే ఆవిరి కలిసి ఎండని వడకట్టేస్తాయి. పెద్ద వాన కురిసిన మర్నాడు పొద్దున మాత్రం కాసేపు శుభ్రంగా ఉంటుంది. ఆ కాసేపటి కోసం ఏడాదంతా కాపు కాయాలి. మీట నొక్కడం చిటికెలో పని, తక్కినదంతా నిలబడడమే. మోకాళ్లు బాగున్నవాడే ఇందులోకి దిగాలి.

తీశాక నేను ఫోటో మీద చెయ్యి వేయను. ఆకాశం మార్చను. అడ్డొచ్చిన కరెంటు తీగ చెరపను. పెళ్లికూతురి మొహం మీద మచ్చలు తీస్తాను, అది వేరే సంగతి, ఆ పిల్ల అత్తారింట్లో బతకాలి. పొలానికి ఆ బాధ లేదు.

ఇక స్థలం సంగతి. నేనూ మా ఆవిడ భానుమతీ ఏళ్ల తరబడి కూడబెట్టి ఆందూల్ దాటాక చిన్న ముక్క కొన్నాం. ఇక్కడ స్థలాన్ని కాఠాల్లో, ఛటాకుల్లో కొలుస్తారు. మన లెక్కలో నాలుగు సెంట్లకి కాస్త తక్కువ. చుట్టుపక్కల వాళ్లు మట్టి తోలుకుని మెరక చేసుకున్నారు, మాది పల్లంగా ఉండిపోయింది. పడమట ఒక్క వైపే పొలాలు. ఆ వైపు పెద్ద కిటికీ పెట్టాలని నేను ముందే అనేసుకున్నాను. ఆవిడ అడిగింది ఒక్కటే, ఎవరి బిందె తోసి తన బిందె పెట్టక్కర్లేని సొంత కుళాయి.

పోయినేడు దుర్గాపూజ ముందు తెల్లవార్లూ వాన. స్థలం ఏమైందో చూద్దామని మొదటి లోకల్ రైలు ఎక్కాను. కెమెరా ఎప్పుడూ భుజానే ఉంటుంది. వెళ్లేసరికి గడ్డి మీద చీలమండ మునగని నీళ్లు. మధ్యాహ్నానికి ఇంకిపోయే నీళ్లు. కానీ వెలుగు వచ్చేసింది. నేను బురదలో బోర్లా పడుకుని కెమెరాని దాదాపు నీటికి ఆనించాను. కెమెరా అంత కిందికి దిగితే పళ్లెంలో నీళ్లకి కూడా ఆవలి ఒడ్డు కనపడదు. గడ్డి రెల్లులా లేచింది. మబ్బులన్నీ నీళ్లలోకి వచ్చి పడుకున్నాయి. అప్పుడు ఒక తెల్ల కొంగ దిగి, అటూ ఇటూ నడిచి, నాకు కావలసిన చోటికి ఒక అడుగు ఇవతల ఆగింది. నేను ఊపిరి బిగబట్టాను. అది ఆ అడుగు కూడా వేసింది. నొక్కాను.

ఇన్నేళ్లలో నేను తీసినవాటిలో నాకు పూర్తిగా నచ్చింది అదొక్కటే. ప్రింట్ తీసి ఇంటికి తెచ్చాను.

"ఏటండీ ఇది, ఎవరిదీ చెరువు?" అంది భానుమతి.

"మన స్థలవే."

కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూసింది. "మరి ఇందులో కుళాయి ఎక్కడొస్తాదేటి?"

"ఆ కొంగ ఉన్నచోట."

"అయితే దాన్ని లెగమనండి."

ఆల్బం పట్టుకెళ్లడానికి వచ్చిన సాయివర్ధన్ స్టూడియో గోడ మీద దాన్ని చూశాడు. చాలాసేపు చూశాడు.

"అన్నా, గిది నువ్వే తీసినవా?"

"అవును."

"ఎడిటింగ్ ఎంత చేసినవ్?"

"ఏం చేయలేదు."

"జర నిజం చెప్పన్నా."

"బురద చొక్కా ఇంకా ఉంది. తెమ్మంటావా?"

కాపీ అడిగాడు, ఇచ్చాను. వాళ్ల ఆఫీసువాళ్లు ప్రకృతి ఫోటోల ప్రదర్శన ఒకటి పెట్టారు. అందులో నా ఫోటో కింద నా పేరు, ఊరి పేరు వేసి, 'ఎడిటింగ్ లేదు' అని, 'ఆందూల్‌లో మిగిలిన ఆఖరి చెరువు' అని రాయించాడు. అది చెరువని ఎవరు చెప్పారయ్యా అంటే, "ఖాళీ ప్లాటు అంటే ఎవరు చూస్తరన్నా" అన్నాడు. ఫోటో ఫోనుల్లో పడి తిరిగింది. షాలిమార్ స్టేషన్లో టీ కొట్టువాడు కూడా చూపించాడు, తీసింది నేనే అని తెలియక.

మాఘం వెళ్లాక స్థలంలో ఇటుకలు దింపించాం. వారం తిరక్కుండా చెరువుల్ని కాపాడే స్థానిక కమిటీవాళ్లు ఆ ఫోటో జతచేసి, చెరువు పూడుస్తున్నామని ఫిర్యాదు పెట్టారు. ఈ రాష్ట్రంలో చెరువు పూడ్చి ఇల్లు కట్టకూడదు. మంచి చట్టమే. చెరువులు పోతే నాలాంటివాడు ఏం తీస్తాడు. చూడడానికి మిత్రబాబు అనే ఆఫీసరు వచ్చాడు. నేల బీటలిచ్చి ఉంది, మేక ఒకటి ఇటుకల నీడలో పడుకుంది. ఆయన మేకని చూడలేదు. ఫోన్లో ఫోటో చూస్తున్నాడు.

"కాగితాల్లో మెట్ట అనే ఉంది దాదా," అన్నాడు బెంగాలీలో. "కాగితాల్లో మెట్ట అని ఎలా రాయిస్తారో నాకూ తెలుసు. ఈ ఫోటో ఇక్కడిదేనా?"

సహాయానికని సాయివర్ధన్ కూడా వచ్చాడు. నన్ను పక్కకి లాగాడు. "అన్నా, కంప్యూటర్ల చేసిన బొమ్మ అని చెప్పు. ఇప్పుడు అందరు గదే చేస్తున్నరు, సారు నమ్ముతడు. నేను తప్పు రాసిన అని నేను గూడ చెప్త. ఇల్లు కట్టుకో."

భానుమతి విన్నది. "అనీండి. ఒక్క మాటే కదేటి," అంది.

నేనూ అనేద్దామనే వెళ్లాను. నోటి దాకా వచ్చింది. ఈలోగా మిత్రబాబే అన్నాడు, "నాకూ అనుమానమే. ఇంత వెలుగు మన దగ్గర ఎక్కడిది? పైగా ఈ కొంగని అతికించినట్టు తెలిసిపోతూనే ఉంది."

"అతికించింది కాదు," అన్నాను.

"కాదా?"

"అది వచ్చింది. ఒక అడుగు ఇవతల ఆగింది, తర్వాత ఆ అడుగూ వేసింది. నేను ఇక్కడ పడుకుని ఉన్నాను."

పడుకున్న చోటు చూపించాను. చీలమండ చూపించి నీళ్లు ఇంతేనని చెప్పాను. కెమెరా కిందికి పెడితే నీళ్లు ఎలా పెరుగుతాయో అక్కడే బోర్లా పడుకుని చూపించాను. మేక లేచి వెళ్లిపోయింది.

"అంటే ఫోటో నిజం," అన్నాడు మిత్రబాబు.

"నిజం."

"నీళ్లు నిజం."

"నిజమే. కానీ ఇంతే."

ఆయన ఫోటో చూశాడు. "ఇందులో నీళ్లు ఇంతే లేవు," అని రాసుకున్నాడు.

 తిరుగు రైల్లో, సాంత్రాగాఛీ స్టేషన్ దాటాక భానుమతి అంది, "కొంగ బాగానే వచ్చింది లెండి." ఇంటికెళ్లి బిందె తీసుకుని వీధి కుళాయి దగ్గర లైన్లో నిలబడింది.

వానలకి ముందు ఉత్తర్వు వచ్చింది. మా స్థలం ఇప్పుడు చెరువు. పూడ్చకూడదు, కట్టకూడదు. చేపలు పెంచుకోవచ్చు. పై అధికారికి అర్జీ పెట్టాను, ఫోటో జతచేయమన్నారు. సాయివర్ధన్ ఫోన్ చేసి, ఆ ఫోటోని పెద్దది చేసి వాళ్ల ఆఫీసు ముందు గదిలో పెట్టారని చెప్పాడు. "ఎప్పటికీ ఉంటదన్నా," అన్నాడు.

ఉంటుంది. పట్టా ఇంకా నా పేరు మీదే ఉంది. పడమట అడ్డం లేదు, సాయంత్రం వెలుగు బాగా పడుతుంది. మా చెరువు రెండు కాఠాల ఐదు ఛటాకులు.