తప్పినా అది బాణమే

“అది విల్లు కాదు లోర్నా. చప్పుడు చెయ్యని తుపాకీ,” అన్నాడు సంఘం అధ్యక్షుడు వర్జిల్ ఫాఫ్.

గదిలో బల్లలు చరిచిన మోత లేచింది. ఎవరో ఈల వేశారు. లోర్నా బ్రెకీ తను తెచ్చిన అడ్డవిల్లును, అదే క్రాస్‌బోను అతని ముందున్న బల్ల మీద, వేయించిన చేపల పళ్లేల మధ్య అడ్డంగా పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది.

విస్కాన్సిన్ కొండల్లో మేపుల్ రిడ్జ్ విలుకాండ్ర సంఘం అంటే ఆషామాషీ కాదు. అడవి సంఘం సొంతం. సెప్టెంబరులో జింకల వేట మొదలైతే తుపాకుల కాలం వచ్చేదాకా ఆ అడవిలో విల్లుకే చోటు. ఎవరు ఏ చెట్టెక్కి కూర్చోవాలన్నది వేటకు వారం ముందు శుక్రవారం ఇలా చేపలు తింటూ తేల్చుకుంటారు. లోర్నాది తెల్ల ఓక్ చెట్ల గట్టు. పెళ్లైన కొత్తలో అక్కడి చెట్టుకు మెట్లు కొట్టింది ఆమే. భర్త పోయాక కూడా ఒక్క ఏడాది ఆ గట్టు వదల్లేదు.

పోయిన శీతాకాలం పాలకొట్టం గుమ్మంలో మంచు మీద జారింది. కుడి భుజం ముక్కలైంది. కోసి కుట్టిన డాక్టరు నవ్వుతూనే చెప్పాడు, “పాల క్యాన్లు ఎత్తు, మనవల్ని ఎత్తు. విల్లు మాత్రం ఇంక లాగొద్దు.” అందుకే ఈ అడ్డవిల్లు కొన్నది. మర తిప్పితే నారి బిగుసుకుంటుంది, మీట నొక్కితే బాణం పోతుంది. భుజంతో పని లేదు. రాష్ట్రం ఎప్పుడో ఒప్పుకుంది. సంఘమే ఒప్పుకోలేదు.

“పెద్దమ్మా, దానికి దుర్భిణి కూడా ఉందే!” వెనక బల్ల నుంచి అరిచాడు డ్వేన్. లోర్నా చెల్లెలి కొడుకు. నోరు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. “కాఫీ పోసే గొట్టం కూడా పెట్టించుకోకపోయావా?”

“నీ విల్లుకేం తక్కువరా?” లోర్నా అటు తిరిగింది. “రెండు చక్రాలున్నాయి. చీకట్లో మెరిసే గురి పుల్లలున్నాయి. వేలికి మీట తగిలించుకుంటావు. ఇంకో చక్రం పెడితే దాని మీదెక్కి ఇంటికెళ్లొచ్చు.”

గది గొల్లుమంది. డ్వేన్ కూడా నవ్వాడు. వర్జిల్ నవ్వలేదు.

“నవ్వులాట కాదిది. విల్లు లాగి పట్టుకోవాలి, చెయ్యి వణకాలి, జింక కళ్లెదుట కదలకుండా కదలాలి. అందుకే తుపాకులకన్నా ముందు ఇంత పొడుగు వేటకాలం మనకిచ్చారు. ఆ మరతో ఎవడైనా పొద్దున కొని సాయంత్రానికి కొట్టేస్తాడు. రేపు ఊరంతా వచ్చి మన చెట్లెక్కుతుంది.”

“నేను ఊరు కాదు వర్జిల్. నీకు బాణానికి ఈకలు అతికించడం నేర్పినదాన్ని.”

వర్జిల్ గొంతు తగ్గించాడు. చిన్నప్పటి నుంచి తెలిసిన మనిషి కదా, మెత్తగానే చెప్పాడు. “నీ సంగతి వేరు. డాక్టరు దగ్గర్నుంచి ఉత్తరం తీసుకురా. వికలాంగులకి మినహాయింపు ఇవ్వొచ్చని నిబంధనల్లోనే ఉంది. వచ్చే శనివారం వేట మొదలయ్యేసరికి నీ గట్టు మీద నువ్వుంటావు. ఎవడూ నోరెత్తడు.”

గదంతా ‘అదీ మాట’ అన్నట్టు తలలూపింది. లోర్నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. ఆ ఉత్తరం ఆమె ట్రక్కులోనే ఉంది. డాక్టరు అడక్కుండానే రాసిచ్చాడు. తీసి ఇస్తే గట్టు దక్కుతుంది. ఆ తర్వాత ప్రతి ఏడూ ఈ గదిలో అందరూ ఆమెకు కుర్చీ జరుపుతారు, పాపం అంటారు.

“నాకు మినహాయింపు వద్దు. వేటకత్తెగా వచ్చాను, వేటకత్తెగానే పోతాను.”

“మరేం కావాలి?”

“పాత పద్ధతి. ఒక్క బాణం.”

గది చప్పున చల్లబడింది. కుర్రాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పొయ్యి పక్కన కూర్చున్న ఇగ్గీ వాంటా తలెత్తాడు. సంఘంలో అందరికన్నా పెద్దవాడు. ఇప్పటికీ తను చెక్కుకున్న కర్రవిల్లుతోనే వేటాడతాడు.

“ఇగ్గీ, మీరే చెప్పండి వీళ్లకి,” అంది లోర్నా.

ముసలాయన గొంతు సవరించుకున్నాడు. “వేటకు ముందు ఆదివారం మీరంతా ఈ గది వెనక పైన్ చెట్టెక్కి ఆ స్పాంజి జింక బొమ్మని కొడతారు కదా? తగిలేదాకా కొట్టి, ఓడినవాడు బీరు పోయిస్తాడు. మా రోజుల్లో అలా కాదు. ట్రక్కు దిగి నేరుగా చెట్టెక్కాలి. చేతులు వేడెక్కించుకోవడానికి లేదు. ఒక్క బాణం. గుండె దగ్గర గీసిన గుండ్రటి గీత లోపల పడితే వేటకి పో. పడకపోతే ఆ ఏడు ఇంట్లో కూచో, వేరేవాళ్ల జింకల్ని మోసిపెట్టు. సరిగ్గా తగలని జింక పొదల్లో పడి వారం రోజులు చస్తుంది. అది చూడలేక పెట్టుకున్నాం.”

“అదీ నా షరతు,” అంది లోర్నా. “చేతిలో ఏముందో అడక్కండి. బాణం ఎక్కడ పడిందో అడగండి. నాకు మర ఎక్కువైందని ఏడుస్తున్నారుగా, మీ చేతులెంత గట్టివో చూద్దాం. లేక భయమా?”

అలాంటి మాట తర్వాత ఆ గదిలో ఏ మగాడు వద్దంటాడు? చేతులు లేచాయి. వర్జిల్ చెయ్యి అన్నిటికన్నా ఆలస్యంగా లేచింది.

“విలుకాండ్ర వరకు సరే. నువ్వూ కొట్టు, చూస్తాం. నీదాన్ని లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్నది తర్వాత.”

*

ఆదివారం పొద్దున్నే గాలి మొదలైంది. సంఘం గది వెనక పొగ లేస్తోంది. ఇనప చువ్వల మీద సాసేజీలు చిటపటమంటున్నాయి. ఎవరిదో ట్రక్కు రేడియోలో ఫుట్‌బాల్ ఆట గురించి అప్పుడే వాదన. కానీ నవ్వులు ఎప్పటిలా లేవు. ఇవాళ బీరు పందెం కాదు, ఏడాది వేట పందెం.

ఒక్కొక్కరి పేరూ, విల్లు రకమూ, బాణం పడిందో తప్పిందో వర్జిల్ గట్టిగా చెబుతున్నాడు. డ్వేన్ ముందు ఎక్కాడు. మెట్లెక్కుతూ జోకులు వేసినవాడు పైన కూర్చున్నాక గుటకలు మింగడం కింద అందరికీ కనిపించింది. బాణం గీత లోపలి అంచున పడింది.

“చక్రాలు తిరిగాయి పెద్దమ్మోయ్!” అని పైనుంచే కేక పెట్టాడు.

తర్వాతవాడిది జింక పొట్టలో పడింది. ఆ తర్వాతవాడిది వీపు మీదుగా పోయి గడ్డిమోపులో గుచ్చుకుంది. “ఇంకోటి వెయ్యనివ్వండి, గాలి వచ్చింది,” అని వాడు బతిమాలితే, “నిజం జింక కూడా గాలి తగ్గేదాకా ఆగుతుందా నాయనా?” అన్నాడు ఇగ్గీ. ఇగ్గీని ఇద్దరు పట్టుకుని చెట్టెక్కించారు. ఎక్కాక మాత్రం చెయ్యి ఒక్కసారే లేచింది, దిగింది. బాణం గీత నడి మధ్యలో ఉంది.

వర్జిల్ వంతు వచ్చింది. లోర్నా అతన్నే చూస్తోంది. మోచెయ్యి ఎప్పటికన్నా కిందికి ఉంది. గట్టిగా పట్టుకుంటున్నాడు, చాలా సేపు పట్టుకుంటున్నాడు. ‘వదలరా, వదిలెయ్’ అనుకుంది మనసులో, తనకు తెలియకుండానే. వదిలాడు. బాణం వెనక తొడలో దిగింది.

వర్జిల్ దిగి, తొడలోంచి బాణం పీకి, ఈకలు దువ్వి అమ్ములపొదిలో పెట్టుకున్నాడు. “సరే. నేను మోస్తాను ఈ ఏడు జింకల్ని,” అన్నాడు. మొహం ఎర్రగా ఉంది కానీ మాటలో వంకర లేదు.

లోర్నా చెట్టెక్కింది. అడ్డవిల్లును డ్వేన్ తాడుతో పైకి అందించాడు. “కాల్చెయ్ పెద్దమ్మా, తుపాకీ కదా!” అన్నాడు. లోర్నా మర తిప్పి నారి బిగించింది. బాణం గాడిలో పెట్టింది. ఈ వేసవి అంతా ఇంటి వెనక పెరట్లో బెంచీ మీద కూర్చుని కొట్టింది. ఇంతకన్నా దూరం నుంచి యాపిల్ పండు కొట్టింది. దుర్భిణిలో స్పాంజి జింక గుండె అరచేతి దూరంలో ఉన్నట్టుంది. ఊపిరి సగం వదిలి మీట నొక్కింది.

టప్పుమని గొడ్డలి దెబ్బలాంటి చప్పుడు. అడ్డవిల్లు చేతుల్లో పక్కకు విరుచుకుపడింది. బాణం జింకకు బారెడు దూరంలో నేలను గీసుకుంటూ పోయి ఎండాకుల చెత్తలో మాయమైంది.

ఏం జరిగిందో లోర్నాకు వెంటనే అర్థమైంది. కూర్చునే పీట చుట్టూ నడుమెత్తు ఇనప కమ్మీ ఉంది. బతుకంతా నిలువు విల్లు పట్టిన మనిషి. విల్లు కొమ్ములు పైకీ కిందికీ ఉంటాయని ఒంటికి అలవాటు. అడ్డవిల్లు కొమ్ములు పక్కలకు విచ్చుకుంటాయి. ఎడమ కొమ్ము కమ్మీని కొట్టింది. పెరట్లో బెంచీకి కమ్మీ లేదు.

కింద ముందు డ్వేన్ నవ్వు, దాని వెనకే అందరి నవ్వు. కోపపు నవ్వు కాదు, బరువు దిగిన నవ్వు. లోర్నా కిందికి దిగేసరికి వర్జిల్ మెట్ల దగ్గరే ఉన్నాడు.

“దెబ్బ తగిలిందా?”

“తగల్లేదు.”

“చూడు లోర్నా,” అతను చేత్తో అందర్నీ ఆపాడు. “దాన్ని మనసులో పెట్టుకోకు. అది విల్లు కాదు కాబట్టి నీ బాణం ఎలాగూ లెక్కలో లేదు. పందెం విలుకాండ్రకి. డాక్టరు ఉత్తరం తెచ్చెయ్. శనివారం నీ గట్టు నీదే. ఏమంటారర్రా?”

“అంతేగా!” అన్నారు నలుగురైదుగురు. “ఆవిడ గట్టు ఆవిడకి ఇవ్వండి పాపం.” పొట్టలో కొట్టినవాడు కూడా తలూపాడు.

లోర్నా కళ్ల ముందు తెల్ల ఓక్ గట్టు మెదిలింది. కాయలు రాలడం మొదలైపోయి ఉంటుంది. మొదటి వెలుగులో జింకలు వరసగా ఎక్కి వస్తాయి. ట్రక్కు దాకా నడిచి ఒక కాగితం తెస్తే చాలు.

“నా బాణం లెక్కలో ఉంది,” అంది.

“అదేంటి?”

“తప్పింది. అందరూ చూశారు. తప్పినవాళ్లు కూచోవాలి. నేనూ కూచుంటాను.”

“పెద్దమ్మా, నీకేమైనా పిచ్చా?” డ్వేన్ నిజంగానే కంగారు పడ్డాడు. “ఊరికే ఇస్తామంటుంటే!”

“ఊరికే ఇచ్చేది నాకెందుకురా? శుక్రవారం ఏమన్నావు వర్జిల్? తుపాకీ అన్నావు. ఎవడైనా పొద్దున కొని సాయంత్రానికి కొట్టేస్తాడన్నావు. నేను వేసవంతా కొట్టాను. నా కొమ్ము కమ్మీకి తగిలింది. ఏ తుపాకీకి తగులుతుందది? కొమ్ములున్నదానికే తగులుతుంది, నారి ఉన్నదానికే తగులుతుంది. మీ ఇష్టం, రెండే దార్లు. ఇది తుపాకీ అంటే మీ పందెం నాకు అంటదు, నన్ను అడవిలోంచి గెంటెయ్యండి, కోర్టుకెళ్తానో పొరుగువాడి కంచె మీద కూర్చుంటానో నా ఇష్టం. విల్లు అంటే నేను మీలో ఒకదాన్ని, ఓడిపోయాను, కూచుంటాను. మధ్యలో పాపం అనే దారి లేదు.”

ఇగ్గీ కర్ర నేలకు కొట్టాడు. “ఇరికించిందిరా నిన్ను, వర్జిల్.”

వర్జిల్ వంగి ఆ అడ్డవిల్లును చూశాడు. ఎడమ కొమ్ము మీద ఇనప కమ్మీ గీసిన తెల్లటి చార. వేలితో తడిమాడు.

“గట్టు పోతుంది నీకు,” అన్నాడు మెల్లగా. “ఈ ఏడంతా.”

“తెలుసు.”

“నాకూ పోయిందిగా, నా బీవర్ చెరువు పక్క చోటు.”

“నువ్వు మరీ గట్టిగా పట్టుకున్నావు. మోచెయ్యి దిగింది. పైనుంచి దిగేదాకా చెప్పకూడదని ఊరుకున్నాను.”

“ఇప్పుడు చెప్పి ఏం లాభం!” వర్జిల్ కసిరాడు. తర్వాత గుంపు వైపు తిరిగి గొంతు పెంచాడు. “లోర్నా బ్రెకీ. ఒక్క బాణం. తప్పింది. ఈ ఏడు కూచుంటుంది. మిగతావాళ్లలాగే.”

“ఏ విల్లుతో?” అంది లోర్నా.

“ఏంటి?”

“అందరికీ చెప్పావు, కర్రవిల్లు, చక్రాల విల్లు అని. నాదీ చెప్పు.”

పళ్లు బిగించాడు. రేడియోలో ఎవరో ఆట గెలిచినట్టు అరుస్తున్నారు. “అడ్డవిల్లు,” అన్నాడు వర్జిల్, రాయి ఉమ్మినట్టు. “కానీ ఇది విల్లేనా అని వచ్చే ఏడు మళ్లీ అడుగుతాను. నా మనసు మారలేదు.”

“మారొద్దు. వచ్చే ఏడు కమ్మీ చూసుకుని కొడతాను. అప్పుడు అడుగు.”

“గట్టు ఎవరికి మరి?” డ్వేన్ ఆశగా అడిగాడు.

“నీకు మాత్రం కాదు. ఇగ్గీకి. మెట్లెక్కించడానికి నువ్వు వెళ్తావు, కింద కూచుని నోరు మూసుకుంటావు.” లోర్నా అడ్డవిల్లును భుజాన వేసుకుంది, బాగున్న ఎడమ భుజాన. కళ్లు మండుతున్నాయి, పొగ వల్ల అనుకుంటే అనుకోనీ. “వర్జిల్, శనివారం తెల్లారేసరికి ట్రక్కుతో రా. మోసేవాళ్లం మోయాలిగా. నా కుడి చెయ్యి పనికిరాదు, జింక తల వైపు నువ్వే పట్టుకోవాలి.”

“దారంతా వాదిస్తావా?”

“దారంతా,” అంది లోర్నా, సాసేజీల వైపు నడుస్తూ.