వాలులో చూసిన ఆయిలు

మా ఆయన శౌరయ్య డ్రైవరు. నేను చల్లపల్లి మిషను బళ్ళో టీచర్ని. పెళ్ళయి ఏళ్ళు గడిచినా, మేమిద్దరం ఒక ఇంట్లో కలిసి ఉన్న రోజులన్నీ పోగేస్తే ఒక వేసవి సెలవులకు మించవు. ఆయన విజయవాడ గవర్నర్‌పేటలో బట్టల వ్యాపారం చేసే పూర్ణచంద్రరావుగారి కారు నడిపేవారు. షావుకారు ఎప్పుడు పిలిస్తే అప్పుడు పలకాలి కాబట్టి దుకాణం వెనక కారు షెడ్డులోనే ఆయన పడక. నెలకో ఆదివారం వచ్చేవారు. నాతోపాటు గుడికొచ్చి పూజ చూసి, మధ్యాహ్నం భోంచేసి, పొద్దు వాలకముందే బస్సెక్కేవారు. నాకు విజయవాడలో ఉద్యోగమిచ్చే వాళ్ళు లేరు. ఆయనకు చల్లపల్లిలో పని దొరకలేదు.

నాకు కావలసింది ఒక్కటే. ఆయన రోజూ మా ఇంట్లో నిద్రపోవాలి. ఈ మాట చెప్పుకోవడానికి సిగ్గెందుకు? కట్టుకున్న మొగుడినేగా అడుగుతున్నాను! పక్క క్వార్టర్లో ఉండే తెరేసమ్మ భర్త పొద్దస్తమానం ఇంట్లోనే ఉండి ఆవిడ ప్రాణం తోడేసేవాడు. "నీకేంటమ్మా అమలా, అడిగేవాడు లేడు, హాయి" అనేది నాతో. ఆ మాట వింటే ఒళ్ళు మండిపోయేది. పోట్లాడుకోవడానికైనా మనిషి ఎదురుగా ఉండాలి కదా.

ఒకసారి గుణదల తిరునాళ్ళకు వెళ్ళినప్పుడు ఆ సంగతి మేరీమాతకే చెప్పుకున్నాను. ఆయన్ని ఇల్లు చేర్చమ్మా, వచ్చే తిరునాళ్ళకు తలనీలాలు ఇచ్చుకుంటాను అన్నాను. నాకున్న అందమంతా నా జడే. చవగ్గా బేరం పెట్టానని మాత్రం ఎవరూ అనలేరు.

ఆ ఏడు వానాకాలంలో ఆయన షావుకారు దగ్గర పని మానేసి, బాడుగకు తిప్పుదామని ఒక పాత అంబాసిడర్ కొన్నారు. మా ఇద్దరి పొదుపూ, మా అమ్మ పెట్టిన గాజులూ అందులోకే వెళ్ళాయి. చల్లపల్లి నుంచి విజయవాడకు ఆస్పత్రి మనుషులో, పెళ్ళివారో ఎవరో ఒకరు దొరికేవారు. ఎంత దూరం వెళ్ళినా చీకటి పడేలోగా కారు ఇంటి ముందుండేది.

ఆ నెలలు ఎలా గడిచాయో ఏం చెప్పను! ఆయన గురక పెడతారని నాకప్పుడే తెలిసింది. తడి తువ్వాలు మంచం మీద పడేస్తారని తెలిసింది. పప్పులో ఉప్పు చాలదని మొహం ముడుచుకుంటే, "షెడ్డులో మీకు వండిపెట్టిందెవరండీ?" అని నేనూ అందుకునేదాన్ని. రోజూ ఏదో ఒకదానికి పోట్లాడుకున్నాం. అంత సుఖం నేనెన్నడూ ఎరగను.

మా క్వార్టర్లు కాలవ గట్టు మీద ఉంటాయి. గట్టు మీంచి కింద రోడ్డుకు ఏటవాలుగా బాట దిగుతుంది. కారు బ్యాటరీలో ఓపిక లేదు. అందుకని ఆయన దాన్ని వాలు మొదట్లో, ముక్కు కిందికి ఉండేట్టు నిలబెట్టి చక్రానికి రాయి అడ్డం పెట్టేవారు. పొద్దున్నే రాయి తీస్తే కారు తనే దొర్లేది, సగం దూరం వెళ్ళేసరికి ఇంజను అందుకునేది. గట్టు మీద కారున్న వాళ్ళందరూ చేసే పనే ఇది. రాయి తీసేముందు ఆయన బానెట్టెత్తి, ఆయిలు చూసే పుల్ల బయటికి లాగి, పాత గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి చూసేవారు. ఒక్క పూట కూడా మానలేదు. డాష్‌బోర్డులో ఆయిలు ప్రెషరు చూపించే ముల్లు కొన్ననాటికే పని చెయ్యడం మానేసింది. నమ్మకమంతా ఆ పుల్ల మీదే.

"చూడవే అమలా, గీత దాకా నిండుగా ఉంది. చుక్క తాగదు మన బండి" అని వంటింటి కిటికీ దగ్గరికి తెచ్చి మరీ చూపించేవారు. నాకేం తెలుసు? కొడుకు మార్కులు చూపిస్తున్నట్టు ఆ మొహం వెలిగిపోతుంటే, దాన్నే చూస్తూ నిలబడేదాన్ని.

ఫిబ్రవరిలో తిరునాళ్ళు వచ్చాయి. మొక్కు తీర్చుకోవాలి. నేను ఆయన పక్కన ముందు సీట్లో కూర్చున్నాను. వెనక తెరేసమ్మ, వాళ్ళ చెల్లెళ్ళు ఒకరి మీద ఒకరు కూర్చున్నారు. పామర్రులో మొదలుపెట్టి మాత పాటలు ఒకటే పాడటం. తెరేసమ్మది గుళ్ళో మైకు అక్కర్లేని గొంతు. నేనూ తక్కువ తినలేదు. ఆయన కూడా స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేస్తున్నారు.

ఉయ్యూరు దాటాక ఒక పాట అయిపోయింది. తెరేసమ్మ ఇంకోటి ఎత్తుకోబోతుంటే ఆయన చెయ్యెత్తి ఆపారు.

"ఉండండుండండి. అదేంటా చప్పుడు?"

ఇంజన్లో సుత్తితో కొడుతున్నట్టు టకటకమంటోంది. అదెప్పటినుంచి మొదలైందో మా పాటల్లో ఎవరికీ వినపడలేదు. ఆయన కారు పక్కకు తీసేలోగానే చప్పుడు పెద్దదై, బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. కాలిన నూనె వాసన గుప్పుమంది. ఆయన దిగి పుల్ల లాగారు. రోడ్డు అక్కడ బల్లపరుపుగా ఉంది. పుల్ల చివరంటా పొడిగా ఉంది.

"పొద్దున్నేగా చూశాను" అన్నారు. మళ్ళీ తుడిచి, మళ్ళీ ముంచి చూశారు. "పొద్దున్నేగా చూశాను అమలా."

తెరేసమ్మ వాళ్ళని బస్సెక్కించాం. లాక్కెళ్ళే బండి దొరికేదాకా మేమిద్దరం బందరు కాలవ ఒడ్డున కూర్చున్నాం. ఫ్యాక్టరీకి వెళ్ళే చెరుకు బళ్ళు వరసగా పోతున్నాయి. క్యారియరు విప్పి పులిహోర పెట్టాను. ఆయన తినలేదు. నేను బలవంతాన రెండు ముద్దలు తినిపించాను. ఇంత జరిగినా, పట్టపగలు పనీ పాటా లేకుండా ఆయన పక్కన కూర్చున్నందుకు నా మనసు సంతోషపడింది. అంత కరువులో ఉన్నాన్నేను.

చివరికి ఒక లారీ వాళ్ళు తాడు కట్టి విజయవాడలో ఆయనకు తెలిసిన మెకానిక్ షెడ్డుకు చేర్చారు. మేస్త్రి వెంకటసుబ్బారావు కింద దూరి ఇంజను అడుగున తొట్టి విప్పాడు. అడుగంటిన నల్లటి మడ్డి, అందులో లోహపు రజను తళతళమంటోంది.

"బేరింగులు కరిగిపోయినయ్ శౌరయ్యా. క్రాంకుకి అతుక్కుపోయినయ్. బ్లాకు కూడా గీరుకుపోయింది. ఆయిలు చూసుకోవా నువ్వు?"

"రోజూ చూస్తానయ్యా. దేవుడి మీద ఒట్టు."

"ఎక్కడ పెట్టి చూస్తావు?"

ఆయన చెప్పారు. మేస్త్రి ఒక డొక్కు పళ్ళెంలో కాస్త పాత ఆయిలు పోసి, ఒకవైపు ఎత్తి పట్టుకున్నాడు. ఆయిలంతా కిందివైపుకు చేరింది.

"ఇదే జరిగింది. ముక్కు దిగి ఉంటే ఉన్న కాస్తా పుల్ల దగ్గరికే వస్తది. సగం ఉన్నా నిండుగానే చూపిస్తది. పాత ఇంజను, తాగుతూనే ఉంది. నువ్వు పొయ్యలేదు."

"మరి దారిలో ఎప్పుడూ చూడలేదాండీ?" అన్నాను నేను, ఉండబట్టలేక.

"పొద్దున చూసిందాన్ని మళ్ళీ ఎందుకు చూస్తానే?" అన్నారాయన. ఆయన్ని తిట్టాలనుకున్నాను. ఆ గొంతు విన్నాక నోరు రాలేదు.

ఇంజను మార్చడం తప్ప దారి లేదన్నాడు మేస్త్రి. మాకు మార్చే తాహతు లేదు. ఉన్నచోటే ఇనుము కింద కొనమని ఆయనే మేస్త్రిని అడిగారు. ఆ మాటతో నాకు మిగతాదంతా అర్థమైంది. ఆయన చేతులు కడుక్కుని గవర్నర్‌పేట షావుకారు దగ్గరికి వెళ్ళారు. నేను షెడ్డు ముందు స్టూలు మీద కూర్చున్నాను. తిరిగొచ్చి నా మొహంలోకి చూడకుండా చెప్పారు.

"తీసుకుంటానన్నారు. సాయంత్రం గుంటూరు ప్రయాణముందట. ఇప్పుడే బండెక్కమన్నారు."

"పడక?"

"దుకాణం వెనక షెడ్డులోనే."

"గుణదల కొండ దాకా వెళ్ళి మొక్కు తీర్చుకుని పో" అన్నారు.

"తీర్చుకోను. ఇచ్చినట్టే ఇచ్చి లాక్కుంది. నా జుట్టెందుకు ఇవ్వాలి? కావాలంటే మిమ్మల్ని మళ్ళీ పంపించి తీసుకోమనండి" అన్నాను. రోడ్డు మీద పోయేవాళ్ళు తిరిగి చూశారు. చూడనీ.

ఆయన నన్ను బస్టాండుకు తీసుకొచ్చి, కిటికీ పక్క సీటు పట్టిచ్చి, నెలాఖరు ఆదివారం వస్తానని చెప్పి వెళ్ళిపోయారు. చొక్కా వీపు మీద గ్రీజు మరక ఉంది. జనంలో అది కనపడినంతసేపూ చూశాను.

కండక్టరు వచ్చాడు. "ఎక్కడికమ్మా?"

"చల్లపల్లి, రెండు" అన్నాను.

రెండు టికెట్లు చింపి చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. అప్పుడు చూసుకున్నాను. పిలిచి ఒకటి వెనక్కివ్వచ్చు. ఇవ్వబుద్ధి కాలేదు. పక్క సీట్లో సంచీ పెట్టుకుని కూర్చున్నాను.

పటమటలో ఒకావిడ చంటిపిల్లనెత్తుకుని ఎక్కింది. "ఇక్కడ మనిషున్నారాండీ?"

"మా ఆయన ఉన్నారు."

ఆవిడ తలుపు వైపు చూసింది. బస్సు కదిలింది. కడ్డీ పట్టుకుని ఊగుతూ, "అయ్యో, ఎక్కనే లేదండీ! బండి ఆపమని చెప్పనా?" అంది.

"వద్దమ్మా, ఆయన రారు" అని సంచీ ఒళ్ళోకి తీసుకున్నాను. ఆవిడ కూర్చుంది. చంటిపిల్ల నా జడ పట్టుకుని లాగుతోంది. ఏడుపు ఆగలేదు, ఆపుకోనూ లేదు.

కండక్టరు వస్తే ఆవిడ కూడా చల్లపల్లికే అడిగింది. అతను నా చేతిలో రెండు టికెట్లు చూశాడు. "మీ దగ్గర ఒకటి ఎక్కువుంది కదమ్మా, ఆవిడకిచ్చెయ్యండి. డబ్బులు ఆవిడ మీకిస్తారు" అన్నాడు.

నేను గుప్పిలి మూశాను. "ఇది మా ఆయన టికెట్టండీ" అన్నాను.