చివరిసారి కనిపించిన తేదీ

ఖాళీ. ఖాళీ. నీలిగొర్రెలు నాలుగు. మళ్ళీ ఖాళీ.

దొరబాబు చూపుడువేలు మీట మీద నింపాదిగా పడుతోంది. తెర మీద లడఖ్ కొండల్లోని ఒక పెద్ద రాయి, దాని వెనక లోయ, ఆ పైన ఆకాశం. ఎదురుగా ఏది కదిలినా కెమెరా ఫొటో తీసేస్తుంది. గాలికి మంచు లేచినా తీస్తుంది. వెయ్యి ఫొటోలు వస్తే తొమ్మిది వందల తొంభైలో ఏమీ ఉండదు. మిగిలిన పదింటినీ ఏరి, ఏ జంతువో, ఏ రోజో రాసి పెట్టడం ఆయన పని.

లడఖ్‌కి ఎంతో దూరాన, మంచు పడని దీవిలో, ఆంగ్ మో కియో పేట ఫ్యాక్టరీల మధ్య ఒక పాత భవనంలో, అయిదో అంతస్తులో ఉంది ఆ ఆఫీసు. మంచు చిరుతల మీద పరిశోధన చేసే చిన్న సంస్థ అది. దొరబాబుకి అరవై నాలుగేళ్ళు. పొట్టి మనిషి. మెడ కాస్త ముందుకు సాగి ఉంటుంది. తువాస్‌లో ఓడలు కట్టే యార్డు గేటు దగ్గర ముప్పై ఆరేళ్ళు వాచ్‌మన్‌గా చేశాడు. అందులో చివరి పదిహేనేళ్ళూ కెమెరా గదిలోనే గడిచాయి. ఏమీ జరగని తెర ముందు విసుగు లేకుండా కూర్చోవడం ఆయనకు అక్కడే అబ్బింది. ఆ ఓపిక చూసే తొమ్మిదేళ్ళ కిందట ఇక్కడ పనిచ్చారు. పుట్టి బుద్ధెరిగాక ఆయన చూసిన మంచల్లా ఫ్రిజ్జులో పేరుకునేదే.

ఇవాళ మాత్రం ఆయనకు లోపల స్థిమితంగా లేదు. ఎనిమిది నెలలుగా ఎదురుచూస్తున్న ఫొటోలు, చలికాలమంతటివీ ఒకేసారి, పొద్దున్నే వచ్చాయి.

వాటిలో ఆయన వెతుకుతున్నది ఒక ఆడ చిరుతని. రికార్డుల్లో దాని పేరు ఎఫ్-పదకొండు. దొరబాబు మనసులో మాత్రం ‘పొయ్యిరాళ్ళ తల్లి’. దాని ఎడమ డొక్క మీద మూడు మచ్చలు పొయ్యిరాళ్ళలా ముక్కోణంగా ఉంటాయి. తల్లిని విడిచి కొత్తగా తిరుగుతున్న రెండేళ్ళ వయసులో దాన్ని మొదటిసారి చూశాడు. మొదటి ఈతలో మూడు పిల్లలైతే ఒక్కటే దక్కింది. రెండో ఈతలో రెండూ బతికాయి. కిందటేడాది కాక అంతకు ముందేడాది జూన్‌లో, ముసలితనం మీదపడుతుండగా, మళ్ళీ రెండు పుట్టాయి. మొన్న అక్టోబరులో వచ్చిన చివరి ఫొటోలో అది ముందుకాలు ఎత్తిపట్టి కుంటుతోంది. వెనకాల పదహారు నెలల పిల్లలు. ఏడాదిన్నర దాటి, రెండేళ్ళు దగ్గరపడితే గానీ వాటికి సొంతంగా వేట చేతకాదు. తల్లి ఆ చలికాలం దాటకపోతే పిల్లలూ దాటవు.

“అంకుల్, కనిపించిందా?” అని అడిగింది ప్రణవి. కరీంనగర్ నుంచి వచ్చిన పరిశోధకురాలు, పక్క బల్లే ఆమెది.

“జనవరిలో ఉందమ్మా. కుంటుతానే ముందర నడుస్తాంది. పిల్లలు రెండూ ఎనకాలే ఉన్నాయి.”

ఫిబ్రవరి అంతా ఖాళీ. మార్చి తొమ్మిదిన రాయి పక్కన ఒక చిరుత కూర్చుని ఉంది. ప్రణవి తన తెర వైపు చూసి పెదవి విరిచింది.

“సిస్టమ్ ఇది వేరే ఆడది అంటున్నది అంకుల్. మచ్చలు కలుస్తలేవు. మనది పోయినట్టుంది, దాని జాగాల కొత్తది వచ్చింది.”

దొరబాబు కళ్ళద్దాలు తుడుచుకుని తెరకి దగ్గరగా జరిగాడు. తర్వాత ఒక తెల్లకాగితం తీసుకుని, పాత ఫొటో చూస్తూ పెన్సిల్‌తో మూడు మచ్చలూ గీశాడు. కాగితాన్ని మధ్యలో సన్నగా మడిచి తెర పక్కన పెట్టాడు. మూడో మచ్చ సగం మడతలోకి పోయింది. తెర మీదా అంతే.

“చిక్కిపోయిందమ్మా. డొక్క లోపలికి పోయి తోలు మడత పడింది. మూడో రాయి ఆ మడతలో ఉంది. ఇది ఆవిడే.”

ప్రణవి కాగితాన్నీ తెరనీ మార్చి మార్చి చూసింది. “నిజమే అంకుల్,” అని సిస్టమ్ రాసింది కొట్టేసింది.

ఏప్రిల్ మూడున పిల్లలు రెండే వచ్చాయి. ఎదిగిన ఒళ్ళు, బలమైన మెడలు. ఒకదాని మూతికి రక్తం ఉంది, వేట దొరికిందన్నమాట. రెండోది తల్లి రుద్దుకునే చోటే రాయికి చెంప ఆనించి రుద్దుకుంది. మే నెల వచ్చేసరికి ఒక్కటే మిగిలింది. రెండోది తన కొండ వెతుక్కుంటూ పోయి ఉంటుంది. తల్లి మళ్ళీ ఎక్కడా కనిపించలేదు.

“లంచ్ చెయ్యరా అంకుల్? రెండయితుంది.”

“ఆకలేయట్లేదమ్మా.”

అమ్మ కబురు ఆవేళ యార్డుకి వచ్చిందీ రెండింటికే. అప్పుడాయనకు పంతొమ్మిదేళ్ళు. యార్డులో చేరి మూడు నెలలైంది. నాన్న చిన్నప్పుడే పోతే, అమ్మ బడి క్యాంటీన్లో గిన్నెలు తోమి పెంచింది. వారం నుంచి జ్వరమున్నట్టు కొడుకుతో చెప్పలేదు. పొద్దున్నే లేచి అన్నం వండి, నెత్తళ్ళ చేపలు వేయించి డబ్బా కట్టిచ్చింది. ఆయన పన్నెండింటికి గేటు నీడన కూర్చుని ఇష్టంగా, వేళ్ళు నాకుతూ తిన్నాడు. ఆ సరికే అమ్మ పోయింది. అమ్మది ఒక్క ఫొటో కూడా లేదు. ఉన్నది ఐసీ అనే గుర్తింపు కార్డు మీదిదే. అదీ ఆమె పోయాక సర్కారు ఆఫీసులో ఇచ్చేయాల్సి వచ్చింది. నలభై అయిదేళ్ళలో ముఖం చెరిగిపోయింది. ఎంత తలుచుకున్నా డబ్బా మూత బిగిస్తున్న చేతులే కనిపిస్తాయి. ఇన్ని లక్షల ఫొటోలు చూసిన కళ్ళకి ఆ ఒక్కటే కరువు.

“సచ్చిపోయిందని రాయాలా?” అని అడిగాడు.

“వద్దంకుల్. బాడీ దొరకలే కదా. చివరిసారి కనిపించిన తేదీ రాస్తే చాలు.” ప్రణవి గొంతు తగ్గించింది. “పిల్లల్ని ఇరవై ఒక్క నెలలు సాకింది. మీరు చూడకుంటే ఆ సంగతి ఎవరికీ తెలియకపోయేది.”

దొరబాబు తేదీ రాశాడు. మార్చి తొమ్మిది.

ఇక మిగిలినవి ఖాళీ ఫొటోలు. వాటిని ఒక్క మీటతో తీసేయొచ్చు. ఆయన తీసేయలేదు, మార్చి పదికి వెనక్కి వెళ్ళి ఒక్కొక్కటే చూడసాగాడు. రాయి అంచున, తల్లి చెంప రుద్దుకునే చోట, పగులులో ఏదో ఇరుక్కుని ఉంది. పెద్దది చేసి చూశాడు. బూడిదరంగు వెంట్రుకల చిన్న కుచ్చు.

మార్చి ఇరవైన దాని మీద మంచు పడింది. ఏప్రిల్లో మంచు కరిగితే తడిసి రాయికి అతుక్కుంది. మే నెల ఎండకి ఆరి, మళ్ళీ విచ్చుకుని, గాలి ఎటు వీస్తే అటు ఒరుగుతూ అక్కడే ఉంది.