బస్సెక్కిన నిద్ర

ఇది అబద్ధమనుకునేవాళ్ళుంటే ఇప్పుడే లేచి వెళ్ళొచ్చు, ఎవరూ ఆపరు. సగం విన్నాక తువ్వాలు దులుపుకుని "ఇట్లాంటివి జరిగేవేనా" అని సణిగితే మాత్రం ఊరుకునేది లేదు. జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా రోడ్డుకి రెండుపక్కలా ఉన్న ప్రతి తుమ్మచెట్టుకీ తెలిసిన సంగతి ఇది. చెట్టుకున్నపాటి నమ్మకం మనిషికి లేకపోతే ఎట్లా?

రౌద్రి నామ సంవత్సరం, పుష్యమాసం. ఇంగ్లీషు లెక్కలో ఎనభై ఒకటి జనవరి. మిరప కోతలు మొదలయ్యాయి. జగ్గయ్యపేట శివార్లో దుర్గాంబ గారి వాకిలంతా ఎర్రగా కాయలు పరిచి ఉండేవి. పొద్దున ఆరింటికల్లా కోడలు పుష్పవతి వాటి ముందు గొంతుక్కూర్చుని, తెల్లబారిన తాలుకాయలు ఏరి పక్కన పడెయ్యాలి. మధ్యాహ్నం అన్నం, మళ్ళీ తాలుకాయలు. ఆమె చేతివేగం ఎంతటిదంటే, చూడ్డానికి పెనుగంచిప్రోలు నుంచి బళ్ళు కట్టుకుని వచ్చేవాళ్ళు. కాకులు కూడా గోడ మీద వరసగా కూర్చుని చూసేవి.

అంతటి మనిషి ఇప్పుడు నిండు కడుపుతో లేచి నిలబడలేకపోతోంది. అడుగు తీసి అడుగు వేస్తే కాళ్ళ మధ్య ఎముకలో ఎవరో గొడ్డలి దూర్చి మెలితిప్పినట్టుండేది. గజ్జల్లో మొదలైన పోటు తుంటిలోకి, తుంటిలోంచి నడుములోకి. మంచం మీద ఇటు నుంచి అటు తిరగాలంటే లోడు లారీని సందులో వెనక్కి తిప్పినంత తతంగం. తిరిగేలోపు ఒంటికి లేవాలి. లేచి వచ్చేలోపు తెల్లారేది.

నర్సమ్మ దేవమణి వచ్చి చూసి చెప్పింది.

"ఎడమపక్కకి పడుకో అమ్మా. మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకో. లేచేటప్పుడు మోకాళ్ళు రెండూ కలిపి పక్కకి దొర్లి, చెయ్యి ఆనించి లే. చీర కూర్చుని కట్టుకో. ఇట్లా గొంతుక్కూర్చోవడం మాత్రం ఇవాళ్టితో ఆపెయ్."

ఆమె వీధి మలుపు తిరిగిందో లేదో, దుర్గాంబ దిండు లాక్కెళ్ళి అటక మీద పడేసింది.

"కాళ్ళ మధ్య దిండు పెడితే బిడ్డకి దారెక్కడే?"

దుర్గాంబంటే ఆషామాషీ మనిషి కాదు. భర్త పోయిన ఏడాదే పన్నెండెకరాలూ ఒంటిచేత్తో సాగు చేయించింది. ఆమె కేకేస్తే మునేరు అవతల గేదెలు మేత మానేసేవి. బస్తా మీద తట్టి లోపల ఎన్ని కాయలున్నాయో చెప్పేది. ఆ లెక్కలో ఒక్క కాయ కూడా తప్పేది కాదు. తప్పిందల్లా కోడలి నెలల దగ్గరే.

ఆ ఏడు జ్యేష్ఠం రెండుసార్లొచ్చింది, ఒకటి అధికం, ఒకటి నిజం. తొలి కాన్పుకి పిల్లని బేసి నెల్లో పుట్టింటికి పంపాలి. ఏడో నెల కాయ కాపలాకని ఆపేశారు, తొమ్మిదిలో పంపుతామన్నారు. తొమ్మిదో నెల వచ్చింది. దుర్గాంబ ఒప్పుకోలేదు.

"ఎనిమిదే నడుస్తోంది. అధిక జ్యేష్ఠం లెక్కలోకి రాదు. ఆ నెల్లో పెళ్ళి చేస్తామా? గృహప్రవేశం చేస్తామా? దేవుడే లెక్కెయ్యని నెలని కడుపు ఎట్లా లెక్కేస్తుంది? సరి నెల్లో గడప దాటడానికి వీల్లేదు. అమావాస్య వెళ్ళాక చూద్దాం."

"అమావాస్యకి బిడ్డ నా ఒళ్ళో ఉంటుంది అత్తయ్యా," అంది పుష్పవతి. "అధికమాసంలో మనమెవరం అన్నం తినలేదా? నేను మీ గేదెలకి గడ్డెయ్యలేదా? అదంతా లెక్కలోకి రాదా?"

"కడుపుతో పాటు నోరు కూడా పెరిగింది నీకు!"

పుష్పవతి మొగుడు భవానీప్రసాద్ గుంజ పక్కన నిలబడి, గుంజ మాట్లాడితే తనూ మాట్లాడదామని చూస్తున్నాడు.

ఇరవై రెండు రోజులు పుష్పవతి నిద్ర ఆమె కళ్ళ చుట్టూ తిరిగింది. కూర్చోవడానికి జానెడు చోటు దొరకలేదు. దానికీ విసుగుండదూ? ఒక మంగళవారం పొద్దున మంచం దిగి, మిరపకాయలు తొక్కకుండా గోడవారనే నడిచి, బస్టాండు వైపు వెళ్ళిపోయింది. బూడిదరంగు, దూడంత ఒళ్ళు, ఒళ్ళంతా దూది. ఎదురొచ్చిన పాలామె పక్కకి తప్పుకుని, "అయ్యో, కోడలి నిద్ర ఒక్కటే వెళ్తోందే, తోడెవరూ లేరా?" అంది. పదిగంటల బస్సెక్కి పుష్పవతి పుట్టిల్లున్న నందిగామలో దిగింది. దానికి వేరే ఊరు తెలియదు కదా.

శుక్రవారం తల్లి భారతీదేవి నుంచి కార్డు ముక్క వచ్చింది. "చిరంజీవి పుష్పకి ఆశీస్సులు. నీ నిద్ర క్షేమంగా చేరింది. నీ మంచం మీదే పడుకుంటోంది. దాన్ని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతోంది. అది ఇక్కడుంటే నువ్వక్కడ ఎట్లా ఉన్నావే? వదినగారిని అడిగి వచ్చెయ్యి."

దుర్గాంబ కార్డు చదివించుకుంది. "దానికోసం నువ్వు వెళ్ళడమెందుకు? వాడెళ్ళి తెస్తాడు. ఒరేయ్, ఖాళీ గోతం పట్టుకెళ్ళు."

భవానీప్రసాద్ వెళ్ళాడు. నిద్రని గోతంలో ఎక్కించి మూతి కట్టి బస్సెక్కాడు. కండక్టరు జ్ఞానయ్య అడిగాడు.

"ఏముందండీ అందులో?"

"మా ఆవిడ నిద్ర."

"అయితే టాపు మీద వేయించండి. లోపలొద్దు, జనమున్నారు."

టాపు మీద ఎండ తగులుతుందని మన పెద్దమనిషి ఒళ్ళో పెట్టుకున్నాడు. పెళ్ళాం మీద ఆయన చూపించిన మొదటి శ్రద్ధ అది, అదీ తగలడింది. అంబారుపేట రాకముందే బస్సంతా నిద్ర. డ్రైవరు పుణ్యాత్ముడు, రెప్ప వాలేలోపు బండి పక్కకి తీసి ఆపాడు. అరవైమంది గురకకి దారినపోయే లారీలు ఎదురు బండి హారననుకుని రోడ్డు దిగిపోయాయి. కంచికచర్లలో కొట్లవాళ్ళు తుఫానని తలుపులు మూసుకున్నారు. ఆ సందట్లో నిద్ర గోతం మూతి విప్పుకుని తాపీగా నందిగామ నడిచి వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం భవానీప్రసాద్ ఖాళీ గోతంతో వచ్చాడు. మొహం కడిగిన ఇత్తడి చెంబులా మెరుస్తోంది. వాకిట్లో భార్యని చూసి ఒళ్ళు విరుచుకుని అన్నాడు కదా:

"ఏం నిద్రే పుష్పా! జన్మలో అట్లా పడుకోలేదనుకో. నడుంనొప్పి మొత్తం పోయింది."

పుష్పవతి చేతిలో తాలుకాయ పొడి పొడి అయ్యింది.

"నా నిద్ర మీరు పోయొచ్చారా?"

"అది కాదే..."

"నేను ఇరవై ఆరు రోజుల్నుంచి కన్ను మూయలేదు. నా నిద్ర మీరు పోయి, నడుంనొప్పి పోగొట్టుకుని, ఇక్కడికొచ్చి నాకు చెప్తున్నారా?" ఆ కోపం తల్లికి చెప్పుకునే కోపం కాదు, దేవుడికి చెప్పుకునేదీ కాదు. ఎముకల సందులోంచి వచ్చిన కోపం. అత్తవైపు తిరిగింది. "మీరెళ్ళండి అత్తయ్యా. గేదెలు వింటాయి, కూలోళ్ళు వింటారు, మీ అబ్బాయి వింటాడు. నా నిద్ర మీ మాట వింటుందో లేదో చూద్దాం. భయమేస్తే వద్దులెండి."

దుర్గాంబని భయమనే మాట అన్న మనిషి అంతకుముందు పుట్టలేదు. అరగంటలో ఇస్త్రీ చీర కట్టుకుని బస్టాండులో ఉంది.

ఆ సాయంత్రం ఆమె రాలేదు. మర్నాడూ రాలేదు. మూడోరోజు పొద్దున కండక్టరు జ్ఞానయ్యే ఇంటికొచ్చి, వాకిట్లో చెప్పులు విడిచి చెప్పాడు.

"పెద్దమ్మగారు మంచం దగ్గరకెళ్ళి దాన్ని చెవి పట్టుకుని లేపబోయారంటండి. అట్లానే దాని మీద ఒరిగిపోయారు. ఊళ్ళో భజంత్రీలొచ్చి వాయించినా కదల్లేదట. నిద్ర సొంతదారు వస్తే తప్ప లేవరని మీ అమ్మగారు చెప్పమన్నారు."

పుష్పవతి మోకాళ్ళు కలిపి, గోడకి చెయ్యి ఆనించి లేచింది. "బండి కట్టించండి. బస్టాండుకెళ్దాం."

భవానీప్రసాద్ నీళ్ళు నమిలాడు. "ఎనిమిదో నెల కదా... అమ్మని ఒక్క మాట అడిగి..."

"ఆవిడ నిద్రపోతోందండీ!"

ఇక మాటలతో లాభం లేదు. పుష్పవతి దోసెడు ఎండుమిరపకాయలు తీసి నీళ్ళ కాగు కింద పొయ్యిలో వేసింది. ఆగండాగండి, దోసెడన్నానా? చాటెడు! ఆ ఘాటుకి ఇంట్లోవాళ్ళు వీధిలోకి, వీధిలోవాళ్ళు పొలాల్లోకి పరిగెత్తారు. చిల్లకల్లు దగ్గర లారీ డ్రైవర్లు బండ్లాపి తుమ్మారు. వేదాద్రిలో కృష్ణ ఒడ్డున బట్టలుతుకుతున్నవాళ్ళ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ పొగలో ఒక్క దగ్గు లేకుండా నిలబడింది పుష్పవతి ఒక్కతే.

"ఇంకో చాటెడు వెయ్యనా?"

"కట్టిస్తున్నా, కట్టిస్తున్నా!" అని దగ్గుకుంటూ పరిగెత్తాడు మొగుడు.

బస్సులో జ్ఞానయ్య ముందు సీటు ఖాళీ చేయించాడు. డ్రైవరు కోడిగుడ్ల గంప మోసినట్టు నడిపాడు. అయినా రోడ్డు రోడ్డే. ఒక్కో గుంటకీ ఆమె తుంటి రెండు ముక్కలై అతుక్కునేది. ఒక్కో గుంటకీ ఒక్కొక్కర్ని తిట్టింది. చిల్లకల్లు దాటేసరికి అత్తింటి ఏడు తరాలూ అయిపోయాయి. అంబారుపేట దగ్గర పంచాంగం రాసినవాళ్ళ వంతొచ్చింది. ఊరి పొలిమేరలో కోపం మిగిలింది గానీ తిట్టడానికి మనుషులు మిగల్లేదు.

పుట్టింట్లో నవారు మంచం మీద దుర్గాంబ నోరు తెరుచుకుని పడుంది. ఆమె తల కింద దిండులా పుష్పవతి నిద్ర. గుమ్మంలో అడుగుల చప్పుడు వినగానే అది తలెత్తింది.

"పిలు పుష్పా," అంది భారతీదేవి కళ్ళు తుడుచుకుంటూ. "అది నీ దగ్గరకొస్తే వదినగారికి మెలకువొస్తుంది."

"వస్తే మళ్ళీ బస్సెక్కిస్తుందమ్మా."

"ఎక్కిస్తే ఎక్కించనీ. ముందు కాసేపు కన్ను మూయవే, నీ మొహం చూడలేకున్నా."

పుష్పవతి అవతలి మంచం మీద ఎడమపక్కకి ఒరిగింది. తల్లి మోకాళ్ళ మధ్య దిండు పెట్టింది. "రా," అంది నిద్రతో, కోపంగానే. అది వచ్చి ఆమె వీపుకి ఆనుకుని పడుకుంది.

దుర్గాంబ దిగ్గున లేచి కూర్చుంది. జుట్టు ముడేసుకుంటూనే మొదలుపెట్టింది.

"ఇదెట్లా వచ్చింది? ఎనిమిదో నెల్లో గడప ఎట్లా దాటించారు? లే, పద, సాయంత్రం బస్సుంది," అని కోడలి భుజం పట్టుకుంది. పట్టుకున్నది పట్టుకున్నట్టే మంచం పక్కన కూలబడి గురక.

భారతీదేవి కాళ్ళు పట్టి ఇవతలికి లాగితే మళ్ళీ మెలకువొచ్చింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ పడింది. కర్రతో పొడవబోయింది. కర్ర మీదుగానూ పాకింది నిద్ర. చెంబుతో నీళ్ళు చల్లబోతే, చల్లిన నీళ్ళకంటే ముందు ఆవిడే నేల మీద పడింది. అట్లా పదకొండుసార్లు. పన్నెండోసారి లేచి, గడప మీద కూర్చుని, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది. పన్నెండెకరాలు సాగు చేసిన మనిషి, ఆరడుగుల మంచం దగ్గరకి వెళ్ళలేకపోయింది.

మూడు రోజులు పుష్పవతిని ఎవరూ లేపలేదు. లేపడానికి రాని చేతిని ఆ నిద్ర ఏమీ చేసేది కాదు. తల్లి చెంచాతో పాలు పోస్తే పుష్పవతి నిద్రలోనే మింగేది, నిద్రలోనే దొడ్లోకి నడిచి వచ్చేది. నాలుగోరోజు పొద్దున తనంతట తనే కళ్ళు తెరిచి, "అమ్మా, నొప్పులు. ఇవి వేరే నొప్పులు," అంది. ఆసుపత్రి రెండు వీధుల అవతలే. దీపాలు పెట్టేవేళకి ఆడపిల్ల పుట్టింది. అమావాస్యకింకా నాలుగు రోజులుంది.

"ఎనిమిదో నెల పిల్ల, ఎట్లా బతుకుతుందో!" అని దుర్గాంబ వరండాలో గుండెలు బాదుకుంటోంది. ఆయా పుల్లమ్మ లోపలి నుంచి పొత్తిగుడ్డల్లో పిల్లని తెచ్చి ఆమె చేతుల్లో పెట్టింది. చేతులు కిందికి జారాయి, అంత బరువు.

"నాలుగు కేజీలండీ," అంది పుల్లమ్మ. "మీ లెక్కలో ఇంకో నెల ఆగుంటే, ఈవిడ నడుచుకుంటూ వచ్చి మీకు కాఫీ కలిపిచ్చేది."

దుర్గాంబ పిల్లని చూసింది, వేళ్ళు ముడిచి ఏదో లెక్కేసింది, మళ్ళీ వేళ్ళు విప్పింది. లోపలికెళ్ళి కోడలి మంచానికి బారెడు దూరంలో నిలబడింది.

"పిల్లకి ఐదో నెల్లో తీసుకెళ్తానమ్మాయ్," అంది, కేక లేని గొంతుతో.

"ఆరు అత్తయ్యా," అంది పుష్పవతి, కళ్ళు మూసుకునే. "ఒకటి మీరు లెక్కలోకి రాదన్నారుగా. అది నాది. అది అమ్మ దగ్గర గడిపాకే వస్తా."

దుర్గాంబ కాదనలేదు. ఆరో నెల, సరి నెల, అందులో వచ్చి తీసుకెళ్ళింది. అబద్ధమంటారా? నందిగామ ఆసుపత్రి వెనక వీధిలో ఆయా పుల్లమ్మ ఇల్లు. ఆ నాలుగు కేజీలూ తన చేత్తో తూచిన మనిషి. వెళ్ళి అడగండి.