మూడో రొట్టె

జొన్నరొట్టె కాలుతున్న వాసన రాగానే దశరథం చేతిలోని చిక్కుడుకాయను తుంచకుండా అలాగే పట్టుకొని ఆగిపోయాడు.

పొద్దున పదకొండయింది. ఇంట్లో ఆయన ఒక్కడే ఉన్నాడు. ఆ ఇంట్లో జొన్నపిండి డబ్బా ఖాళీ అయి ఆరు నెలలు. రొట్టెలు కొట్టే మనిషి, ఆయన భార్య ఎల్లవ్వ, కరోనా రెండో వేవ్‌లో, ఏప్రిల్ నెలలో, అంబులెన్సు ఎక్కి పోయింది. మళ్లీ రాలేదు. దూరం నుంచి ఒక తెల్ల ప్లాస్టిక్ మూటను చూపించి ఆమేనన్నారు. ముఖం చూసే భాగ్యం ఎవరికీ దక్కలేదు. అదే జ్వరం దశరథాన్ని బతకనిచ్చి, పోతూ పోతూ ఆయన ముక్కును ఎత్తుకుపోయింది. అప్పటి నుంచి ఆయనకు మురికికాల్వా ఒకటే, మల్లెపూవూ ఒకటే. పాలు మాడి గిన్నె నల్లబడ్డా కంటితో చూస్తే తప్ప తెలిసేది కాదు.

అలాంటి ముక్కుకు రొట్టె వాసన తగిలింది. అదీ ఎవరి రొట్టెదో కాదు. తడి చేత్తో పైన నీళ్లు రాసి, పెంక మీద తిప్పేసి, అంచు కొంచెం నల్లబడే దాకా ఆగే ఎల్లవ్వ రొట్టె. మొగుడికి ఆ మాడిన అంచంటే ఇష్టమని ఆమె కావాలనే ఆగేది.

వారంలో ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ ఆయన లేచి వెళ్లేలోపే వాసన పోయింది. ఈసారి కోడిని పట్టబోయే మనిషిలా చప్పుడు లేకుండా వంటింట్లోకి నడిచాడు. పొయ్యి మీద ఏమీ లేదు. మంటా లేదు. వాసన మాత్రం అక్కడ చిక్కగా ఉంది. గోడకు వీపు ఆనించి కింద కూర్చున్నాడు. కళ్లు వాటంతట అవే మూతపడ్డాయి. తల బరువెక్కుతుంటే అది సుఖమే అనుకున్నాడు.

జబ్బ పట్టి ఈడ్చింది కోడలు సుమన. చీరల మార్కెట్టులో మడతలు పెట్టే పని ఆమెది. ఆ రోజు సరుకు రాలేదని తొందరగా తిరిగొచ్చింది. మామను వరండాలోకి లాగి, కిటికీలు తెరిచి, పొయ్యి నాబ్ కట్టేసి, అప్పుడు అరవడం మొదలుపెట్టింది. ఇల్లంతా గ్యాస్ కమ్మిందని, ఎవరైనా ఒక్క అగ్గిపుల్ల గీసి ఉంటే ఈ వరస గదులన్నీ లేచిపోయేవని అరిచింది. నలభై ఏళ్లు సాంచెల మోతలో, మరమగ్గాల నడుమ నిలబడి పనిచేసిన దశరథం చెవులకు అరిస్తే తప్ప మాట ఎక్కదు. కాబట్టి ఆ అరుపులో కోపం ఎంతో, అలవాటు ఎంతో చెప్పడం కష్టం.

ఆయనకు ఎక్కింది ఒక్కటే. ఆమెకు గ్యాస్ వాసన వచ్చిన చోట తనకు ఎల్లవ్వ వాసన వచ్చింది.

ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం కొడుకు రవీంద్ర పని నుంచి వస్తూ వస్తూ బిక్షపతిని వెంటబెట్టుకొచ్చాడు. బిక్షపతిదీ వీళ్ల ఊరివైపే. లాక్‌డౌన్‌లో సాంచెలు బందైన నాటి నుంచి వీళ్లంతా బతుకుదెరువుకు వచ్చి ఉంటున్న వడోద్ గల్లీలన్నీ తిరిగి గ్యాస్ పొయ్యిలు బాగుచేస్తూ బతుకుతున్నాడు. పైపుకూ అతుకులకూ సబ్బు నురుగు రాసి చూశాడు. ఎక్కడా బుడగ లేవలేదు. నాబ్‌లు రెండూ పదిసార్లు తిప్పి చూశాడు.

"పొయ్యి ముసల్దే గని మంచిగున్నది బావా" అన్నాడు. "నాబ్ లోపలికి వత్తి తిప్పితెనే తిరుగుతది. గాలికి తిరగది, పిల్లికి తిరగది."

"మరి ఎవలు తిప్పిండ్రు?" అంది సుమన.

ముగ్గురూ దశరథం వైపు చూశారు. పొద్దున చాయ్ పెట్టుకున్నాక వంటింట్లో అడుగు పెట్టలేదని ఆయనకు బాగా తెలుసు. అయినా, తనే మరిచిపోయి ఉంటానని ఒప్పేసుకున్నాడు. ముసలితనం మీద తోసేస్తే అందరికీ సులువు. కాదంటే మరెవరు అనే ప్రశ్న లేస్తుంది. ఆ ప్రశ్న ఇంకొకరి నోట రావడం ఆయనకు ఇష్టం లేదు.

ముక్కు లేని మనిషి చేతిలో గ్యాస్ పెట్టకూడదని సుమన పట్టుబట్టింది. జ్వరం తర్వాత పన్నెండు గంటలు నిలబడే శక్తి లేక దశరథం పని మానేశాడు. అప్పటి నుంచి ఇంట్లో వంట ఆయనదే. అందుకని రవీంద్ర రాజీ మాట ఒకటి చెప్పాడు. పొయ్యి మార్చక తప్పదు, కానీ ఏ పొయ్యి తేవాలన్నది వండే మనిషి ఇష్టం.

ఆదివారం బిక్షపతితో కలిసి నలుగురూ మాస్కులు కట్టుకొని ఉధ్నా రోడ్డు మీది దుకాణానికి పోయారు. దుకాణం గుజరాతీ ఆయన దశరథాన్ని స్టూలు వేసి కూర్చోబెట్టి ఒక్కొక్కటీ చూపించాడు. వంటింటి బండను కోసి లోపలికి దించే నాలుగు బర్నర్ల పొయ్యి, అద్దం పలక మీది మూడు బర్నర్లది, లైటర్ అక్కర్లేకుండా తనంతట తనే అంటుకునేది. బండ కోసే మాట వినగానే దశరథం తల అడ్డంగా ఊపాడు. ఆ బండ ఇంటి మాలిక్‌ది, దాన్ని కోస్తే ఆయన మమ్మల్ని కోస్తాడన్నాడు. ఎసరు ఒక్కటి, కూర ఒక్కటి ఉండే ఇంట్లో మిగతా రెండు బర్నర్ల మీద బట్టలారేసుకుంటారా అని బిక్షపతి నవ్వాడు.

సుమన చూపు మాత్రం కరెంటు పొయ్యి మీదే ఉంది. అయస్కాంతం పట్టే గిన్నెలే దాని మీద వేడెక్కుతాయని విని, ముందు రోజే ఒక అయస్కాంతం తెచ్చి ఇంట్లో గిన్నెలన్నిటికీ అంటించి చూసింది. అల్యూమినియం తపేలకు అంటలేదు, స్టీలువి సగం పనికొస్తాయి. ఎల్లవ్వ పెంకకు మాత్రం టక్కున పట్టింది. అయితే దాని అడుగు నడుమ గుంత పడింది. అడుగు చదునుగా ఆనకపోతే ఆ పొయ్యి వేడెక్కదని దుకాణపాయన చెప్పాడు.

దశరథానికి అదే దొరికింది.

"రొట్టె మంట మీద పొంగాలె బిడ్డా. గా అద్దం మీద ఏం పొంగుతది?"

"మనింట్ల రొట్టెలు ఎవలు చేస్తుండ్రు మామా?"

బిక్షపతి మధ్యలోకి వచ్చి ఇంకో రకం గ్యాస్ పొయ్యి చూపించాడు. అందులో మంట ఆరితే గ్యాస్ తనంతట తనే ఆగిపోతుంది, ముక్కు పోయినవాళ్లకు అంతకన్నా మంచిది లేదు. సుమనకు కూడా అది నచ్చినట్టే ఉంది. దశరథం వంగి దాని నాబ్‌ను వేలితో తడిమాడు.

"మరి నేను కావాలని ఇప్పినా గ్యాస్ రాదా?"

"కావాలని ఎవడిప్పుతడు బావా!" బిక్షపతి పకపకా నవ్వాడు. రవీంద్ర కూడా నవ్వాడు. సుమన నవ్వలేదు. మాస్కు పైనుంచి మామ కళ్లలోకి చూస్తూ ఉండిపోయింది.

ఒక్క వారం ఆలోచించుకోనివ్వమన్నాడు దశరథం. వచ్చే ఆదివారం దాకా, ఆపైన తన మాటే చెల్లుతుందని సుమన గడువు పెట్టింది. వంట కాగానే సిలిండర్ కట్టేస్తానని మామతో ఒట్టు వేయించుకుంది.

సోమవారం పొద్దున కొడుకూ కోడలూ పనికి పోయారు. దశరథం అన్నం వార్చాడు, పప్పు చేశాడు, ఒట్టు ప్రకారం సిలిండర్ కట్టేశాడు. పదకొండింటికి వంటింట్లో కూర్చున్నాడు. వాసన రాలేదు. పన్నెండయింది. రాలేదు. అప్పుడు లేచి, సిలిండర్ తెరిచి, నాబ్ వత్తి, అంటించకుండా కొంచెమే తిప్పాడు.

ఎల్లవ్వ వచ్చింది.

ఆ రోజు వాసన ఒక్కటే. మంగళవారం చప్పుడు కూడా వచ్చింది. తప్, తప్, తప్ అని పిండి ముద్దను చేత్తో కొట్టే చప్పుడు. వాకిట్లో మనిషి పిలిస్తే వినబడని చెవుల్లో అది గుండె కొట్టుకున్నంత దగ్గరగా వినబడింది. బుధవారం గాజులు కదిలాయి. సాంచె దెబ్బలను బట్టే దారం తెగిందో లేదో చెప్పగలిగిన మనిషి, దశరథం ఈ దెబ్బలనూ లెక్కపెట్టాడు. నలభై దెబ్బలు పడగానే ఒక రొట్టె. కొంత మౌనం. మళ్లీ నలభై. అంతే, ఆగిపోయేది. ఆయన ఎప్పుడూ తినేది రెండే. మూడోది అడిగితే రాత్రి కడుపు పట్టుకొని తననే లేపుతాడని ఎల్లవ్వ పెట్టేది కాదు.

రెండు రొట్టెలు కాగానే నాబ్ కట్టేసి, కిటికీ తీసి, తూలుకుంటూ వరండాలోకి వచ్చేవాడు. ఒక్కోసారి వాంతి అయ్యేది. సుమన వచ్చేసరికి గాలి ఆడి ఇల్లు మామూలుగా ఉండేది. నీరసంగా ఉన్నావేంటని ఆమె అడిగితే ఎండ అనేవాడు. ఆదివారం ఏ పొయ్యి చెప్పాలో ఆయన మనసులో తేలిపోయింది. ఉన్నదే ఉంచమంటాడు. తన ప్రాణం, తన ఇష్టం. ఎవరికి నష్టం?

శుక్రవారానికి రవీంద్ర పాళీ మారి రాత్రి షిఫ్టు పడింది. రాత్రంతా పనిచేసి పొద్దున ఎనిమిదింటికి వచ్చి, రెండు ముద్దలు తిని, లోపలి గదిలో పడి నిద్రపోయాడు. సుమన పనికి పోయింది.

ఈ రోజు వద్దనుకున్నాడు దశరథం. గిన్నెలు తోమాడు. తోమినవే మళ్లీ తోమాడు. పదకొండు దాటాక లోపలి గది తలుపు దగ్గరికి వేసి, గ్యాస్ లోపలికి పోకుండా కింది సందులో పాత లుంగీ ఒకటి కుక్కాడు. రెండు రొట్టెల సేపే కదా అని తనకు తానే చెప్పుకొని వంటింట్లోకి పోయి నాబ్ తిప్పాడు.

వాసన ఎప్పటికన్నా తొందరగా వచ్చింది. గాజులు కదిలాయి. మొదటి రొట్టె నలభై దెబ్బలు. మౌనం. రెండోది నలభై. దశరథం నాబ్ మీద చెయ్యి వేశాడు.

తప్.

చెయ్యి ఆగిపోయింది.

తప్, తప్, తప్.

మూడో రొట్టె మొదలైంది. ఆయన మూడోది తినడని ఆమెకు తెలుసు. మరి ఎవరికి?

చప్పుడు ఇప్పుడు పొయ్యి దగ్గర లేదు. గోడ వెంట జరిగి జరిగి, లోపలి గది వైపు పోతోంది. దశరథం తల తిప్పి చూశాడు. తను వేసిన తలుపు జానెడు తెరుచుకొని ఉంది. సందులో కుక్కిన లుంగీ నాలుగు మడతలు పెట్టి, గడప పక్కన బుద్ధిగా ఉంది. అలా నాలుగు మడతలు పెట్టేది ఆ ఇంట్లో ఒక్కతే.

లోపలి నుంచి రవీంద్ర గొంతు, అదీ అంతే దగ్గరగా, వినబడింది. నిద్రలో తల్లిని పిలిచే గొంతు, చిన్నప్పటి గొంతు.

"ఎయ్యి అవ్వా. ఆకలైతుంది."

దశరథం లేవబోయి గోడకే ఒరిగాడు. ఉన్న కొద్దిపాటి ఊపిరితోనే పలికాడు.

"వానికి పెట్టకే. వాడు తిన్నడు."

దెబ్బ మధ్యలో ఆగింది. ఎవరో చేతిని పైకి ఎత్తి, వింటున్నట్టు. ఒక క్షణం ఆయన ఆమె తన మాట విందనుకున్నాడు. తర్వాత తప్ తప్‌మని ఇంకా వడిగా మొదలైంది.

అప్పుడు నాబ్ కట్టేశాడు. సిలిండర్ కట్టేశాడు. కిటికీ తోశాడు. పాకుకుంటూ లోపలికి పోయి కొడుకును కాళ్లు పట్టి ఈడ్చాడు. సగం మెలకువలో రవీంద్ర చెయ్యి అలవాటుగా ఫ్యాన్ స్విచ్ మీదికి పోయింది.

"ముట్టకు!" ఆ ఇంట్లో ఆరు నెలల్లో దశరథం అరిచిన అరుపు అదొక్కటే.

ఇద్దరూ వరండాలో పడ్డారు. రవీంద్ర కక్కుకున్నాడు. మూతి తుడుచుకొని, తండ్రి చెవి దగ్గరికి వంగి అడిగాడు.

"మల్ల మర్శిపోయినవా బాపు?"

అవునంటే సరిపోయేది. ఆ మాట ఎంత సులువో దశరథానికి ఇంతకుముందే తెలుసు.

"మర్శిపోలే. నేనే ఇప్పిన. రోజూ ఇప్పుతున్న."

కొడుకు ఎందుకని అడగలేదు. అడిగినా దశరథం చెప్పేవాడు కాదు. తల్లి పిలిచిందంటే ఏ కొడుకైనా అటు ఒకసారి చూస్తాడు.

"కరెంటు పొయ్యే తెద్దాం" అన్నాడు దశరథం. "ఆదివారం దాక వద్దు. ఇయ్యాల్నే తెద్దాం. సుమనకు ఫోన్ చెయ్యి."

లేచి లోపలికి పోయాడు. గాలి ధారాళంగా ఆడుతోంది. ముక్కుకు ఏమీ తగల్లేదు, మళ్లీ అది చచ్చిన ముక్కే. రెగ్యులేటర్ ఊడదీసి, మూత బిగించి, సిలిండర్‌ను కౌగిలించుకొని తలుపు దాటించాడు. రవీంద్ర సాయం రాబోతే వద్దని చేత్తోనే ఆపి, నువ్వు లోపలికి పోవద్దని మాత్రం చెప్పాడు.

మెట్ల దగ్గర ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. గ్యాస్ లేని వంటింట్లోంచి, మంట లేని పొయ్యి దగ్గర్నుంచి, తప్, తప్, తప్. మూడోది అయిపోయినట్టుంది. నాలుగోది కొడుతోంది. ఇంట్లో తినాల్సిన మనిషి ఇంకొకతే మిగిలింది, సుమన ఇంకా పని నుంచి రాలేదు.

దశరథం వెనక్కి తిరగలేదు. సిలిండర్‌ను మొదటి మెట్టు మీదికి దించాడు, ఖంగుమంది. ఆ మోతలో వంటింటి చప్పుడు ఒక్క క్షణం మునిగింది. రెండో మెట్టు మీదికి ఇంకొంచెం గట్టిగా దించాడు. మూడోదాని మీదికి ఇంకా గట్టిగా.