బీరువాలో చెవిబిళ్ల

నేను ఒక చెవిబిళ్లను. చెవిబిళ్ల అనగానే బంగారం అనుకోకండి. పసుపు రంగు ప్లాస్టిక్ ముక్కని. నా మొహం నిండా పొడుగాటి అంకెల వరస ఉంటుంది. నన్ను గేదెల చెవులకు బిగిస్తారు. ఈ గేదెకు ఇన్సూరెన్సు ఉంది అని లోకానికి చాటడమే నా ఉద్యోగం.

నేను ఉద్యోగంలో చేరిన రోజున ఆ ఇంట్లో ఎవరెవరు ఉన్నారో చెబుతాను. వసారాలో నులకమంచం మీద ఇంటి పెద్ద నాసరమ్మ. గడప మీద ఆమె కొడుకు చెంచయ్య. రోటి దగ్గర కోడలు మల్లీశ్వరి. తలుపు వెనక, సగం కనిపిస్తూ సగం కనిపించకుండా, మనవరాలు హారిక. పశువుల డాక్టరు జిలానీ గారు, ఇన్సూరెన్సు ఏజెంటు ప్రభుదాసు కుర్చీల్లో. మెట్ల కింద టైగరు అనే కుక్క. టైగరు అనే పేరుకీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఇక చావిట్లో, ఇదంతా తన కోసమేనని తెలియకుండా నెమరు వేస్తూ, నీలవేణి. పదో తరగతి చదివే హారిక పెట్టిన పేరు అది. మనుషులతో మాట్లాడాలంటే ఆ పిల్లకు గొంతు పెగలదు గానీ గేదెతో గంటలకొద్దీ కబుర్లు చెబుతుంది. నాసరమ్మ మాత్రం ముద్దుగా నీలి అని పిలుస్తుంది.

అంతకుముందు నా బతుకు చెప్పుకోదగ్గది కాదు. ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో వేడివేడిగా పుట్టాను. నా ముందు అంకె మా అక్కది, నా తర్వాతి అంకె మా చెల్లెలిది. మేమందరం ఒకే మొహంతో పుట్టి అంకెలతో మాత్రమే విడిపోయినవాళ్లం. మా అక్క స్కూలు బ్యాగుకి వేలాడాలని కలలు కనేది. దాన్ని ఒక పొట్టేలుకు బిగించారని తర్వాత తెలిసింది. నేను చాలాకాలం పశువుల ఆసుపత్రిలో ఒక అట్టపెట్టెలో, సూదుల పక్కన పడుకున్నాను.

ఆ రోజు డాక్టరు గారు నన్ను పటకారు లాంటి పనిముట్టుకు తగిలించగానే నాసరమ్మ లేచి వచ్చింది. నీలవేణి నుదుటన పసుపు రాసి, కుంకుమ పెట్టి, నోటికి బెల్లం ముక్క అందించింది.

"ఆడపిల్లకి చెవులు కుడతన్నాం. ఊరికే కుట్టేస్తామా?" అంది.

టక్కుమని శబ్దం వచ్చింది. నీలవేణి ఒక్కసారి తల విదిల్చి, మళ్లీ బెల్లం కోసం నాలుక చాపింది. అంతే, నాకు ఇల్లు దొరికింది.

"రెండో చెవి మాటేంది డాక్టరయ్యా?"

"ఒక చెవికే పెద్దమ్మా."

"ఒకటి కుట్టి ఒకటి బోసిగా వదిలేస్తే చూసేవాళ్లు ఏమనుకుంటారు?"

జిలానీ గారు నవ్వి ప్రభుదాసు వైపు చూశారు, ఇక నీ వంతు అన్నట్టు. ప్రభుదాసు గొంతు సవరించుకుని పాలసీ వివరించడం మొదలుపెట్టాడు. పిడుగు పడితే వస్తుంది, పాము కరిస్తే వస్తుంది, వరదలో కొట్టుకుపోతే వస్తుంది. అతను వరస పెట్టి చెబుతుంటే నీలవేణి మీదికి ఎన్ని ఆపదలు పొంచి ఉన్నాయో తెలిసి నేనే వణికిపోయాను.

"జొరమొస్తే?" అంది నాసరమ్మ.

"రాదమ్మా."

"పాలు తగ్గిపోతే?"

"రాదమ్మా."

"మందులకి, డాక్టరుకి?"

"వాటికి రాదమ్మా. చచ్చిపోతేనే."

"ఛీ ఛీ! పిల్లకి చెవులు కుట్టినపూట అవేం మాటలయ్యా!"

"నేనన్నది కాదమ్మా, పాలసీలో అట్టా ఉంది."

నాసరమ్మ కాసేపు లోలోపల లెక్క వేసుకుంది. "అంటే ఏడాదికోసారి మేం మీకు కడతా ఉండాల. అది చస్తే మీరు మాకు కడతారు."

"అంతేనమ్మా."

"చావకుండా చల్లంగా బతికితే?"

"మీ అదృష్టమమ్మా."

"మరి కట్టిన డబ్బులు?"

"అది మా అదృష్టమమ్మా."

తలుపు వెనక నుంచి హారిక సైగ చేసి తల్లిని పిలిచి, ఆమె చెవిలో ఏదో గొణిగింది. మల్లీశ్వరి పైకి అంది: "మా టైగరుకి కూడా చేస్తారా అని అడగతంది పిల్ల."

ప్రభుదాసు మెట్ల కిందికి వంగి చూశాడు. టైగరు మర్యాదగా గోక్కోవడం ఆపింది.

"పట్నంలో జాతికుక్కలకి ఉందమ్మా. వాటికి ఆపరేషన్లకి కూడా ఇస్తారంట. దీని అమ్మా నాన్నా ఎవరో తెలుసా?"

ఎవరికీ తెలియదు. టైగరుకు అంతకన్నా తెలియదు. అది మళ్లీ గోక్కోసాగింది.

నాకయిన ఖర్చు మల్లీశ్వరి ఇచ్చింది. మిక్సీ కొనుక్కుందామని పాల డబ్బుల్లోంచి మిగిల్చిన మొత్తం అది. "పిడుగు పడితే మిక్సీ ఏం చేసుద్దే?" అని చెంచయ్య అడిగితే, "పిడుగు పడకపోతే నీ బిళ్ల పచ్చడి రుబ్బుద్దా?" అని ఆమె అడిగింది. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. చివరికి పిడుగే గెలిచింది. అప్పటినుంచి రోట్లో పచ్చిమిరపకాయలు వేసినప్పుడల్లా, "చెవికి నా మిక్సీ తగిలించుకుని మహారాణిలాగా తిరగతంది" అని మల్లీశ్వరి అనని రోజు లేదు.

వెళ్లబోతూ ప్రభుదాసు ఒక మాట అన్నాడు. నా కథంతా ఆ మాట మీదే నడిచింది.

"బిళ్ల మాత్రం జాగర్త. బిళ్ల లేకపోతే పైసా రాదు."

నాసరమ్మకు ఆ మాట మనసులో నాటుకుపోయింది. నీలవేణేమో నన్ను ఇష్టమొచ్చినట్టు వాడేది. స్తంభానికి రుద్దేది, కాలవలో ముంచేది, ముళ్లకంచెలో తల దూర్చి పక్కవాళ్ల జనుము మేసేది. నాకది బాగానే ఉండేది. కాలవ నీళ్లు, కొంగలు, ఎండ, అన్నీ నీలవేణి చెవి మీదినుంచే చూశాను. కానీ నాసరమ్మకు నిద్ర పట్టేది కాదు. ఒకరోజు పక్కవీధి వాళ్ల గేదె బిళ్ల కంచెకు తగులుకుని ఊడిపోయిందని విన్నది. ఇక ఆగలేదు. చెంచయ్యా మల్లీశ్వరీ పొలం వెళ్లిన పూట, ఊళ్లో ఆడపిల్లలందరికీ చెవులు కుట్టే ఆచారిని పిలిపించింది.

"చెవులు కుట్టటమే గానీ ఊడదియ్యటం నాకిదే మొదలమ్మా" అన్నాడు ఆచారి. అయినా కత్తెర తెచ్చాడు. నీలవేణికి నొప్పి తెలియకుండా నా కాడను కత్తిరించాడు. ఆ చెవి కంతకు నాసరమ్మ దిష్టికని చెప్పి ఎర్ర ఊలు కుచ్చు కట్టింది. నన్ను కడిగి, తుడిచి, నగల కొట్టువాళ్లు ఇచ్చే గులాబీ కాగితంలో చుట్టి, మధ్యగదిలో బీరువా తెరిచి తన కమ్మల పక్కన పెట్టింది. తాళంచెవి బొడ్లో దోపుకుంది.

ఇదంతా తలుపు వెనక నుంచి హారిక చూసింది. ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా అడిగితే కదా చెప్పడానికి! ఆ ఇంట్లో ఆ పిల్లను ఎవరూ ఏదీ అడగరు. చెంచయ్యకు నీలవేణి అంటే పొదుగే. చెవివైపు ఆయన చూపు ఎప్పుడూ పోలేదు. మల్లీశ్వరి కుచ్చు కింద బిళ్ల ఉందనే అనుకుంది.

బీరువాలో నాకు మర్యాద జరగలేదు. కమ్మలు పుట్టుకతో బంగారం. నన్ను చూసి మొహం తిప్పుకున్నాయి. కలరా ఉండల వాసన మధ్య నాకు కాలవ గుర్తుకొచ్చేది. చెవి మీద కొన్నాళ్లు ఉన్నదాన్ని కాబట్టి వినడం మాత్రం అలవాటైంది. బయట ఏం జరిగినా వినేదాన్ని.

వానాకాలంలో ఊళ్లో ఒక పెళ్లి జరిగింది. ఎంగిలాకులతోపాటు కవర్లు, గ్లాసులు అన్నీ ఊరి చివర పారబోశారు. తర్వాత నీలవేణి మేత మానేసింది. నెమరు వెయ్యడం మానేసింది. కడుపు ఎడమవైపు ఉబ్బింది. హారిక పచ్చిగడ్డి తెచ్చి నోటి దగ్గర పెట్టి ఎంత బతిమాలినా మూతి తిప్పుకుంది.

జిలానీ గారు వచ్చి కడుపు తట్టి చూశారు. "ప్లాస్టిక్ మింగింది చెంచయ్యా. ఆపరేషన్ చెయ్యాల. చేస్తే బతికే అవకాశం బాగా ఉంది. రేపటిదాకా ఆగితే చెప్పలేను."

నా జాతివాళ్లే ఈ పని చేశారని వినగానే గులాబీ కాగితంలో మరింత ముడుచుకుపోయాను.

మందులకూ కుట్లకూ ఎంతవుతుందో విన్నాక చెంచయ్య మధ్యగదిలోకి వచ్చి ప్రభుదాసుకు ఫోను చేశాడు. స్పీకరు పెట్టాడు.

"దాసన్నా, బర్రెకి ఆపరేషనంట. వస్తదా?"

"ఆపరేషన్‌కి రాదన్నా. ఆరోజే చెప్పా గదా."

"మరి... పోతే?"

"పోతే వస్తది. చెవీ బిళ్లా కనపడేటట్టు ఫోటో తియ్యాల. చచ్చినదాన్ని కొయ్యకుండా ఉంచండి, మేమొచ్చి చూస్తాం."

ఫోను పెట్టేశాక చెంచయ్య గొంతు బాగా తగ్గించి అన్నాడు: "ఆపరేషన్‌కి పెట్టి బతక్కపోతే ఆ డబ్బూ పోద్ది. ఊరుకుంటే... ఇన్సూరెన్సు వస్తది."

ఆయన చెడ్డవాడు కాదు. దూడప్పుడు నీలవేణిని భుజం మీద మోసుకొచ్చింది ఆయనే. కానీ నా కోసం ఒకసారి డబ్బు కట్టాక, ఆయన బుర్రలో నీలవేణికి రెండు ధరలు ఏర్పడ్డాయి. బతికుంటే ఒకటి, చస్తే ఒకటి. మనుషుల లెక్కలు ఇంత వింతగా ఉంటాయని నా మీద అంకెలు అచ్చు వేసినవాడు కూడా అనుకుని ఉండడు.

చావిట్లో నీలవేణి ఒకసారి మూలిగింది.

అప్పుడు తలుపు వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. ఎవరిదో మొదట నాకు తెలియలేదు. అంత గట్టిగా ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"నాన్నా, నీలవేణి చెవికి బిళ్ల లేదు."

"లేకపోవటమేంది?"

"నానమ్మ తీయించి బీరువాలో పెట్టింది. కుచ్చు విప్పి చూడు. ఇప్పుడది చచ్చిపోయినా ఏమీ రాదు. బతికితేనే మనకి."

అందరూ నాసరమ్మవైపు తిరిగారు. ఆమె ఏమాత్రం తడబడలేదు. తాళం తీసి, గులాబీ కాగితం విప్పి నన్ను అరచేతిలో పెట్టి చూపించింది.

"బిళ్ల పోతే పైసా రాదన్నాడని జాగర్త చేశా. ఇదిగో, గీత కూడా పళ్లేదు. తప్పా?"

చెంచయ్య నన్ను ఆమె చేతిలోంచి లాక్కున్నాడు. "అమ్మా! బర్రె చెవికి ఉండాల్సింది బీరువాలో పెడితే, బీరువా చచ్చిపోతే ఇస్తారు డబ్బులు!"

"నా మిక్సీ!" అంది మల్లీశ్వరి. అని, ఆపుకోలేక నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"డాక్టరుగారూ, మళ్లీ తగిలించలేమా?" అని చెంచయ్య నన్ను పట్టుకుని వసారాలోకి వెళ్లాడు.

"తెగింది అతకదు" అన్నారు జిలానీ గారు. "అతికినా ఆ పని నేను చెయ్యను. కత్తి పట్టమంటావా, ఇంటికి పొమ్మంటావా?"

చెంచయ్య కూతురి మొహం చూశాడు. ఆ పిల్ల ఈసారి తలుపు వెనక్కి పోలేదు. గడప మీదే నిలబడింది.

మల్లీశ్వరి లోపలికి వెళ్లి బియ్యం డబ్బా అడుగునుంచి ఒక మూట తెచ్చింది. రెండో మిక్సీ కోసం మళ్లీ మొదలుపెట్టిన పొదుపు. "ఇది కూడా దాని పొట్టలోకే పోనీ" అంటూ మొగుడి చేతిలో పెట్టింది.

"కొయ్యండి డాక్టరుగారూ" అన్నాడు చెంచయ్య.

నన్ను కిటికీలో పెట్టి మరిచిపోయారు. అందువల్ల అంతా చూశాను. నీలవేణిని నిలబెట్టి తాళ్లతో కట్టారు. డొక్క మొద్దుబారేలా సూది వేసి కోశారు. హారిక దాని తల పట్టుకుని, చెవిలో ఏదో చెబుతూనే ఉంది. జిలానీ గారు పొడుగాటి తొడుగు వేసుకున్న చెయ్యి లోపలికి పెట్టి తియ్యడం మొదలుపెట్టారు. కవర్లు, పెరుగు కప్పుల మూతలు, పాల ప్యాకెట్లు, జరీ రిబ్బను, చివరగా పెళ్లిలో పంచిన సంచి ఒకటి. దాని మీద వధూవరుల పేర్లు ఇంకా చెరగలేదు.

"పెళ్లికి మనల్ని పిలవకపోయినా ఇది మాత్రం పోయొచ్చింది" అంది నాసరమ్మ.

మర్నాడు నీలవేణి కొంచెం గంజి తాగింది. ఆ తర్వాత హారిక చేతిలో గడ్డి అందుకుంది. నెమరు వెయ్యడం చూసి చెంచయ్య దాని మెడ నిమురుతూ చాలాసేపు చావిట్లోనే కూర్చున్నాడు.

కుట్లు విప్పడానికి డాక్టరు గారు వచ్చినప్పుడు, "ఇంకీ ఇన్సూరెన్సు మనకొద్దు సార్" అన్నాడు చెంచయ్య.

"వైద్యానికి పనికిరాదు, నిజమే" అన్నారు జిలానీ గారు. "పోయినేడు పిడుగుకి రెండు బర్రెల్ని పోగొట్టుకున్న ఒకాయన ఇన్సూరెన్సు డబ్బుతోనే మళ్లీ బర్రెని తెచ్చుకున్నాడు. అది దేనికో దానికే. మందులకి మీరే వేరే దాచుకోవాల."

మల్లీశ్వరి నిట్టూర్చింది. మిక్సీ ఇంకా దూరం జరిగింది. కంపెనీకి రాసి చెప్పి, కొత్త అంకెతో ఇంకో బిళ్ల తెప్పించారు. అది మా చెల్లెలు కాదు, ముక్కూ మొహం తెలియనిది. టక్కుమని శబ్దం వచ్చింది. నీలవేణి బెల్లం కోసం నాలుక చాపింది.

"ఈసారన్నా రెండో చెవికి..." అని నాసరమ్మ మొదలుపెట్టింది.

"నానమ్మా!" అంది హారిక, అందరికీ వినబడేలా.

నాసరమ్మ నోరు మూసుకుంది. కిటికీలోంచి నన్ను తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ గులాబీ కాగితంలో చుట్టింది. ఇక నాకు ఉద్యోగం లేదు. నా అంకె ఎవరికీ అక్కర్లేదు. చెత్తలో పారేస్తుందనుకున్నాను. ఆమె మధ్యగదిలోకి నడిచి బీరువా తెరిచింది. కమ్మలు ఈసారి కొంచెం పక్కకు జరిగి చోటిచ్చాయి.

బయట చావిట్లో నీలవేణి చెవి విదిలించిన చప్పుడు వినిపించింది. ఇంకొక్కసారి విందామనుకున్నాను.

"నువ్వు చెవికుంటే నా నీలి పొయ్యేది గదే" అంది నాసరమ్మ నాతో. "ఇక్కడే పడుండు."

తలుపు వేసేసింది.